పద్నాలుగో కార్డు

అడగకూడనిది అడిగానేమో అన్న అనుమానం కజుయోని యాభై నాలుగేళ్ళుగా వదల్లేదు. పొద్దున్నే ఇంట్లోని బుద్ధుడి మందిరం ముందు అన్నం, నీళ్ళు పెట్టి, చిన్న గంట కొట్టి, పోయిన అమ్మ పేరున్న చెక్క ముందు తల వంచినప్పుడల్లా అది గుర్తుకొచ్చేది. బుద్ధుడు బదులు చెప్పకపోతే మౌనమనుకుని ఊరుకుంటాం. మనిషి బదులు చెప్పకపోతే మాత్రం మన తప్పేదో వెతుక్కుంటాం. ఎందుకో ఆమెకి తెలియలేదు.

అప్పుడామె మూడో తరగతి. పిల్లల కథలు రాసి, వాటికి బొమ్మలు కూడా తానే వేసే మిషినా హత్సు గారికి యాజిమా మాస్టారు క్లాసు చేత ఉత్తరాలు రాయించారు. క్లాసులో ఉన్నదే పద్నాలుగు మంది. జనవరి ఒకటిన పదమూడు ఇళ్ళకి కొత్త సంవత్సరపు కార్డులు వచ్చాయి. ఒక్కో దాని మీద ఒక్కో జంతువు బొమ్మ, పిల్లవాడి పేరుతో రెండు వాక్యాలు. కజుయోకి రాలేదు.

"చావు జరిగిన ఇంటికి ఏడాదిపాటు ఆ కార్డు ఎవరు పంపుతారే, పిచ్చిపిల్లా! అది మర్యాద" అంది నానమ్మ. అమ్మ పోయింది ఆ నవంబరులోనే. కానీ కజుయో తన ఉత్తరంలో ఆ సంగతి రాయలేదు. ఎక్కడో చెరువు పక్క పట్నంలో ఉండే రచయిత్రికి తమ ఇంటి చావు ఎలా తెలుస్తుంది? తను రాసింది ఒక్క ప్రశ్న. "మీ కథలో ఉడుతపిల్ల వాళ్ళమ్మ మొదటి పేజీలో అక్రోటుకాయలకి వెళ్ళింది. ఆఖరి పేజీ దాకా మళ్ళీ కనపడలేదు. ఎక్కడుంది?" మిగతావాళ్ళందరూ బొమ్మలు బాగున్నాయని రాశారు. తప్పు పట్టినట్టు రాసింది తనొక్కతే. ఏడాది శోకం తీరింది, ఇంకో ఏడాదీ గడిచింది, జవాబు రాలేదు.

ఆ కార్డుల పుణ్యమా అని ఆ రచయిత్రి పేరు మీద తమ ఊళ్ళోనే వెలిసిన మ్యూజియంలో ఇప్పుడు కజుయో టికెట్లిస్తుంది. పెళ్ళి చేసుకోలేదు. నాన్నని సాగనంపింది, నానమ్మని సాగనంపింది, అదే ఇంట్లో ఒక్కతే ఉంటుంది. మ్యూజియం రెండో గదిలో అద్దాల పెట్టెలో ఆ పదమూడు కార్డులూ వరసగా ఉన్నాయి. తోటివాళ్ళు తలా ఒకటి ఇచ్చారు. రోజూ ఆ అద్దం తుడిచేది కజుయోయే. "మీరూ ఆ బడిలోనే చదివారటగా, మీదేది?" అని సందర్శకులు అడిగితే, "నాది ఇంట్లో ఉందండీ" అనేది. ఇరవయ్యేళ్ళుగా అదొక్క అబద్ధమే ఆడుతోంది.

మ్యూజియం తెరిచిన రోజున హత్సు గారే వచ్చారు. టీ పోసింది కజుయో. ఆవిడ కజుయో చొక్కాకున్న ఇంటిపేరు చీటీ చూసి, "హబా! ఈ ఊళ్ళో అందరూ హబాలేనా?" అని నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, ఏదో అడగబోయినట్టు చూశారు. సగం ఊరు హబాలే. తన సొంత పేరు చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. కానీ అతిథి ముందు తన సంగతి తెచ్చిపెట్టుకోవడం ఏం పద్ధతి? కజుయో వంగి దండం పెట్టి, టీ పాత్ర తీసుకుని వెనక్కి వెళ్ళిపోయింది. ఆవిడ పోయి ఇప్పటికి పన్నెండేళ్ళు.

జనవరిలో మ్యూజియం మూసేస్తారు. వెలుగు తగిలితే రంగులు వెలిసిపోతాయి కాబట్టి అసలు బొమ్మలన్నీ రెండు నెలలు చీకటి అరల్లో విశ్రాంతి తీసుకుంటాయి. ఆ రోజుల్లో కజుయో, బొమ్మలు చూసుకునే అధికారి కజామా కలిసి, స్టవ్ మీద కెటిల్ పెట్టుకుని పాత పెట్టెలు సర్దుతారు. కజామా పట్నం నుంచి వచ్చినవాడు, ముప్పై నాలుగేళ్ళవాడు, చలికి ఎప్పుడూ ముక్కు ఎర్రగా ఉంటుంది.

ఆ మధ్యాహ్నం తదనోరి నూడిల్స్ తెచ్చిచ్చాడు. కజుయో క్లాసువాడే. మ్యూజియంలో మొదటి కార్డు అతనిది.

"ఏం కజుయో, నా ఎలుగుబంటిని బాగా తుడుస్తున్నావా? అద్దం మీద మరకలేసి పగ తీర్చుకోవట్లేదు కదా!"

"నీ ఎలుగుబంటి నీలాగే ఉంది. ఎంత తుడిచినా తెల్లబడదు."

"పదమూడు అశుభమంటారు విదేశీయులు. నీ కార్డు ఇంట్లో ఉందంటావుగా, అదీ తెచ్చి పెట్టరాదూ, పద్నాలుగవుతాయి."

కజుయో గిన్నె మూత తీసి ఆవిరి వైపు చూసింది. తదనోరికి నవ్వు ఆగిపోయింది. "సరేలే, చల్లారిపోతుంది, తినండి" అని బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

తిన్నాక కజామా రచయిత్రి మేనకోడలి ఇంటి నుంచి వచ్చిన ఆఖరి పెట్టె తెరిచాడు. అన్నీ డైరీలు. ఒక్కోటి తీసి మొదటి పేజీ చూసి సంవత్సరం రాసుకుంటున్నాడు. నాలుగోది తీశాక చేతిలోని పెన్సిల్ ఆగింది. వెనక్కి వెళ్ళి మొదటిది చూశాడు. తర్వాత ఇంకో అయిదు, పది చూశాడు.

"హబాగారూ, మీ పూర్తి పేరు హబా కజుయో కదండీ?"

"అవును. జీతం కాగితం మీద నెలనెలా చూస్తూనే ఉన్నారుగా."

"ఇటు రండి ఒకసారి."

ప్రతి డైరీలో జనవరి మొదటి పేజీ పైన ఒకటే మాట. *హబా కజుయో గారికి జవాబు. ఇంకా లేదు.* ఒక ఏడు సిరాతో, ఒక ఏడు పెన్సిల్‌తో. అలా నలభైకి పైగా డైరీలు. ఆఖరి దానిలో అక్షరాలు వణికాయి. *రాశాను. పోస్టు చెయ్యాలి.* ఆ జనవరి ఎనిమిదినే ఆవిడని ఆసుపత్రిలో చేర్చారని కజుయోకి తెలుసు. ఇంటికి తిరిగి రాలేదు.

ఆ డైరీలోనే ఒక కవరు ఉంది. లోపల యాజిమా మాస్టారు రాసిన చీటీ: *హబా కజుయో తల్లి నవంబరులో పోయింది. ఆ అమ్మాయికి దయచేసి కొత్త సంవత్సరపు కార్డు పంపకండి.* దానితోపాటు ఒక పోస్టుకార్డు. పాత స్టాంపు అంటించి ఉంది, చిరునామా రాసి ఉంది. శోకమున్న ఇళ్ళకి జనవరి మొదటి వారం దాటాక పంపే చలి పలకరింపు కార్డు అది.

కజుయో ఆ చీటీ రెండోసారి చదివింది. మర్యాద కోసం ఆపిన కార్డు. తనకి తెలిసిన మర్యాదే. మాస్టారు వసంతంలో బదిలీ అయిపోయారు, ఆ చీటీ సంగతి తనకి చెప్పేవాళ్ళే లేకపోయారు.

కజామా కార్డు బోర్లా తిప్పి బల్ల మీద పెట్టాడు. "నేను చదవలేదండి. అంటే... బొమ్మ మాత్రం చూశాను, కళ్ళు మూసుకోలేను కదా."

"జాబితాలో రాయండి" అంది కజుయో. "ఈ పెట్టెలో ఉన్నదంతా మ్యూజియం సొత్తు. నియమం మీకు నేను చెప్పాలా?"

"నియమమే చెబుతున్నానండి. స్టాంపు అంటించి, పేరు రాసిన ఉత్తరం మనది కాదు. పోస్టులో పడలేదంతే." అతను లేచి కోటు వేసుకున్నాడు. ముక్కు తుడుచుకుంటూ, "ఆ స్టాంపు ఈ రోజుల్లో చాలదు. నా దగ్గర రెండున్నాయి" అన్నాడు.

"ఇక్కడే ఉన్నానుగా. ఇచ్చెయ్యండి."

"ఆవిడ పోస్టు చెయ్యాలని రాశారు. చేతికివ్వాలని రాయలేదు."

కిటికీలోంచి చూస్తే మోకాళ్ళ దాకా మంచులో ఎర్ర పోస్టు డబ్బా వైపు నడుస్తూ కనిపించాడు. కజుయో ఆ రోజు పెట్టెల పని ముట్టుకోలేదు.

తర్వాతి రెండు రోజులూ సెలవు. మొదటి రోజు ఏమీ రాలేదు. ఇల్లంతా ఊడ్చింది, పైకప్పు మంచు దించింది, ముల్లంగి ఉడకబెట్టింది. రేడియో పెట్టలేదు, బండి చప్పుడు వినపడదేమోనని. ఇన్నేళ్ళు ఎదురుచూసినదానికి ఒక్క రోజు ఇంత బరువేమిటనుకుంది.

రెండో రోజు పది గంటలకి పోస్టతను తలుపు తట్టాడు. డబ్బాలో వేసి పోకుండా చేతికే తెచ్చాడు.

"ఇదేంటమ్మా, మన ఊరు పట్నంలో కలిసి పేరు మారి ఇరవయ్యేళ్ళయింది. పాత పేరుతో రాశారు. పోస్టాఫీసులో వెనక్కి పంపుదామన్నారు. మీ పేరు చూసి నేనే పట్టుకొచ్చాను. ఎవరండీ ఇంత పాతకాలం మనిషి?"

"తెలిసినావిడ. టీ తాగి వెళ్ళండి."

"ఇంకా పదకొండు ఇళ్ళున్నాయి" అని అతను మంచులోకి వెనుదిరిగాడు.

బొమ్మ ఏనాటిదో, రంగులు ఇంకా తడిగా ఉన్నట్టున్నాయి. చెట్టు తొర్ర, లోపల ఉడుతపిల్ల, బయట మంచు మీద వెళ్ళిపోయిన అడుగులు. తిరిగి వచ్చే అడుగులు లేవు. పక్కన పెన్సిల్ అక్షరాలు మాత్రం ముసలి చేతివి.

*కజుయో గారికి. అమ్మ ఎక్కడుందో నాకూ తెలియలేదు. ప్రతి చలికాలం తిరిగొచ్చే అడుగులు వేద్దామని కూర్చునేదాన్ని. తెలియనిది వేస్తే నీకు అబద్ధం చెప్పినట్టవుతుందని ఆపేసేదాన్ని. ఇన్నేళ్ళకీ తెలియలేదని రాస్తున్నాను. నువ్వడిగింది సరైన ప్రశ్న. ఆలస్యానికి మన్నించు.*

కజుయో గుమ్మంలోనే నిలబడి చదివింది. తర్వాత మందిరం ముందుకు వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, గంట ఒకసారి కొట్టింది.

"అమ్మా, ఉత్తరమొచ్చింది. నీ గురించే" అని, మొదటి నుంచి పైకి చదవడం మొదలుపెట్టింది.