లూర్దమ్మ మొగుడు

బస్తా మూతికున్న పురికొస తెంపి పట్టా మీద కుమ్మరించగానే ముందు చల్లదనం లేచింది, దాని వెనకే ఘాటు లేచింది. లూర్దమ్మ ముక్కుకు కట్టుకున్న పాతగుడ్డను కళ్ల కిందిదాకా లాక్కుని కుప్ప ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎర్రకాయ కుడివైపు, రంగు వెలిసిన తాలుకాయ ఎడమవైపు. చూపు ఒక కాయ మీద ఉండగానే చెయ్యి తర్వాతి కాయ మీదికి పోతోంది. పక్కనున్న ఆడవాళ్లు తుమ్ముతూ, దగ్గుతూ, మధ్యమధ్య రాత్రి చూసిన సీరియల్ కథ చెప్పుకుంటున్నారు. నరసరావుపేట బయట, వినుకొండ రోడ్డు మీదున్న ఈ కోల్డ్ స్టోరేజీలోనే ఆమె వయసంతా గడిచింది.

పొట్టి మనిషి. ఎముక గట్టిది. నలభై దాటాక ముందువైపు జుట్టు పలచబడి పాపిట వెడల్పయింది. వేళ్ల చివర్లు ఎప్పుడూ ఎర్రగా, నున్నగా ఉంటాయి. సబ్బుతో కడిగినా ఆముదం రాసినా ఆ మంట పడుకునేదాకా పోదు. అక్కడి ఆడకూలీలందరి లాగే ఆమె కూడా చీర మీద మగవాళ్ల పాతచొక్కా తొడుక్కుంటుంది. ఈ పూట మాత్రం ఆ వెలిసిన చొక్కా కింద నెమలికంఠం రంగు పట్టు కుచ్చిళ్లు కనిపిస్తున్నాయి.

"ఏంది లూర్దక్కా, పట్టుచీర కట్టుకోని తాలుకాయలేరతన్నావు?" అంది పక్కామె.

"మధ్యాన్నం పోలీసాఫీసుకి పోవాల."

"వామ్మో! ఏం జేశావు?"

"పెళ్లి జేసుకున్నాగా."

చుట్టూ ఉన్నవాళ్లంతా ఘొల్లున నవ్వారు. లూర్దమ్మ కూడా నవ్వింది. గుడ్డకు పైన కళ్లు మాత్రమే కనిపించాయి.

ఆంటన్‌ను ఆమె మొదటిసారి చూసింది కూడా ఇలాంటి నవ్వుల మధ్యే. శ్రీలంకలో చిలాపం అనే సముద్రపు ఊరు అతనిది. కొలంబో వ్యాపారి ఒకరు ఇక్కడి మిరపకాయలు కొని ఓడకెక్కిస్తుంటే, సరుకు చూసే మనిషిగా ఏటా సీజనుకు వచ్చి వెళ్లేవాడు. సన్నగా, ఎత్తుగా, చెవుల దగ్గర నెరిసిన జుట్టుతో ఓ మూల కుర్చీలో కూర్చుని కాయ విరిచి వాసన చూసుకుంటూ ఉండేవాడు. మాట్లాడేది అరవం. మొదటి ఏడు ఒకనాటి మధ్యాహ్నం, ఎండకు నోరెండిపోయి, కాయలేరే ఆడవాళ్ల దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా "తన్ని, తన్ని" అని అడిగాడు. "ఎవర్ని తన్నాలయ్యా?" అంది ఒకామె. నవ్వీ నవ్వీ లూర్దమ్మ ముఖం మీది గుడ్డ జారిపోయింది. అతను ఏమీ అర్థం కాక అందరి ముఖాల వంకా చూస్తూ నిలబడితే, ఆమె లేచి తన సీసాలో నీళ్లు ఇచ్చింది. మరుసటి ఏడాది అతను "నీళ్లు" అని అడగడం నేర్చుకుని వచ్చాడు. నేరుగా ఆమెనే అడిగాడు. ఆ తర్వాతి ఏడాదికి తెలుగు బాగానే పట్టుబడి, పెళ్లి మాట అడిగాడు.

ఈ సీజనులో రెంటచింతల చర్చిలో తాళి కట్టాడు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలూ అయ్యాయి. కొలంబో వ్యాపారి దగ్గర పని మానేసి ఇక్కడే ఏదో ఒక మిరపకాయల కొట్లో కుదురుకోవాలని అతని ఆలోచన. ఉండటానికి ప్రభుత్వం ఒప్పుకోవాలి. నెట్ సెంటర్ నడిపే నవీద్ చేత దరఖాస్తు పెట్టించారు. అతని వీసా గడువేమో ఎల్లుండితో అయిపోతుంది.

భోజనాల వేళకు లూర్దమ్మ చొక్కా విప్పి మడిచి సంచిలో పెట్టుకుంది. పంపు కింద చేతులు మోచేతులదాకా తోముకుంది. గుమస్తా హర్ష దగ్గరికి వెళ్లి "ఒక పూటే రాసుకో బాబూ" అని చెప్పి ఆటో ఎక్కింది.

జిల్లా పోలీసు ఆఫీసు గేటు దగ్గర ఆంటన్ ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. పొడుగు చేతుల తెల్లచొక్కా, మెరిసేలా తుడిచిన బూట్లు. ఆమెను చూడగానే నుదురు తుడుచుకుని "తిన్నావా?" అని అడిగాడు. లేదని చెబితే జేబులోంచి అరటిపండు తీసి ఇచ్చాడు.

విదేశీయుల వ్యవహారాలు చూసే ఎస్సై ముందు ఆంటన్‌ను పిలిచి చాలాసేపు మాట్లాడాడు. తర్వాత అతన్ని బయట కూర్చోబెట్టి లూర్దమ్మను పిలిచాడు. కళ్లజోడు ముక్కు మీదికి జారిన మనిషి. గొంతులో కోపమూ లేదు, చనువూ లేదు.

"ఆయన పొద్దున్నే ఏం తాగుతాడమ్మా?"

"టీ సార్. పాలు పోస్తే ముట్టడు. పంచదార గూడా ఏసుకోడు. బెల్లంముక్క కొరుక్కుంటా తాగతాడు."

"రాత్రిపూట?"

"గురక పెడతాడు సార్."

మూలన కూర్చున్న కానిస్టేబులు తల దించుకున్నాడు. ఎస్సై కూడా కాసేపు కాగితం వంక చూసి, "మరి నీకు నిద్రెట్టా పడుతుంది?" అన్నాడు.

"పొద్దస్తమానం కాయలేరినదాన్ని సార్. నాకు ఉరిమినా మెలకువ రాదు."

"ఇన్నాళ్లూ పెళ్లి లేకుండా ఉన్నదానివి. ఈయన్నే ఎందుకు చేసుకున్నావమ్మా?"

అమ్మా నాన్నా పోయేనాటికి తమ్ముడు దేవానందం ఇంకా లాగు జారిపోతే పట్టుకుని పరిగెత్తే వయసులో ఉన్నాడు. వాణ్ని బడికి పంపి తను కూలికి పోయింది. వాడు ఐటీఐ చదివే రోజుల్లో ఓ సంబంధం వచ్చింది. చదువు కానియ్యండి అంది. వాడి పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ఆ పిల్లలకు నలుగు పెట్టి నీళ్లు పోసింది, జ్వరాలొస్తే చంకనేసుకుని ఆసుపత్రికి తిరిగింది. ఆ ఇంట్లో కూర ఎవరికి ఎలా ఉండాలో అందరినీ అడిగేది తనే. తనకు ఎలా ఉండాలని ఎవరూ అనుకోలేదు; తను కూడా అనుకోలేదు. ఎవరి మీదా నేరం మోపే సంగతి కాదు ఇది. అలా జరిగిపోయింది.

"ఇన్నాళ్లూ నన్నెవరూ అడగలా సార్," అంది చివరికి. "ఈయన అడిగాడు."

ఎస్సై కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"చూడమ్మా. వ్యాపారం వీసా మీద వచ్చినాయనకి ఇక్కడే మార్చి ఇవ్వటం కుదరదని పైనుంచి చెప్పేశారు. గడువులోపల ఆయన పోవాల్సిందే. పోయి, కొలంబోలో మనవాళ్ల ఆఫీసులో భార్య తరఫున వీసాకి పెట్టుకోవచ్చు. అప్పుడు వాళ్లు మమ్మల్ని రిపోర్టు అడుగుతారు. ఇబ్బంది అక్కడే ఉంది. మా కానిస్టేబులు మీ తమ్ముడి దగ్గరికి పోతే, ఆ పెళ్లి సంగతి మాకేం తెలీదన్నాడంట. సొంత తమ్ముడే తెలీదంటే, నిజం పెళ్లని నేనెట్టా రాయను?"

ఆమె ఎర్రటి వేళ్లు చీర కొంగును గట్టిగా పట్టుకున్నాయి. ఆంటన్ పోవాల్సిందేనన్న మాట ముందు విని, దాన్ని అలాగే ఒక పక్కకు నెట్టి, రెండో మాట పట్టుకుంది.

"వాడే వచ్చి చెబితే రాసుకుంటారా సార్?"

"ఆఫీసు మూసేలోపల వస్తే రాసుకుంటా."

బయటికి వచ్చి ఆంటన్‌కు సంగతి చెప్పింది. అతను బెంచీ మీంచి లేచి "నేను కూడా వస్తాను" అన్నాడు.

"వద్దు. నువ్వీడే ఉండు. వాడు నా తమ్ముడు, నేను మాట్లాడుకుంటా."

దేవానందం వెల్డింగు షాపు సత్తెనపల్లి రోడ్డులో ఉంది. రోడ్డు పక్కనే ట్రాక్టరు ట్రక్కు తలుపు నేల మీద పరిచి, దాని మీద వంగి అతుకు పెడుతున్నాడు. నిప్పురవ్వలు ఆగేదాకా లూర్దమ్మ దూరంగా నిలబడింది. అతను ముఖం ముందు పెట్టుకున్న నల్లద్దం దించి అక్కను, ఆమె పట్టుచీరనూ చూశాడు.

"రా అక్కా. టీ చెప్పనా?"

"టీలకి రాలా. పోలీసోళ్లకి ఏం జెప్పావురా?"

"మాకు తెలీదన్నా."

"తెలీదా?"

"ఏం జెప్పమంటావు? సముద్రం అవతలోడు. వాడి ముందూ వెనకా ఎవరికి తెలుసు? నిన్ను తీసకపోయి యాడన్నా వదిలేస్తే నేనెవర్ని పోయి అడగాల? షాపుకొచ్చిన ప్రతోడూ అదే మాట. ఏంది దేవానందం, మీ అక్క ఈ వయసులో..." అని ఆగిపోయాడు.

"ఈ వయసులో ఏందిరా? పూర్తిగా అను."

అతను చేతిలో ఉన్న వెల్డింగు కడ్డీని అటూ ఇటూ తిప్పాడు.

"పెళ్లినాడు చర్చి ఎదురుగా బండి మీద కూచున్నావు," అంది లూర్దమ్మ. "నేను చూడలేదనుకున్నావా? లోపలికి రాలా, సరే. తాళి కట్టిందాకా ఉండి, గంట కొట్టినాక బండి తిప్పుకోని పోయావు. అది చెప్పు చాలు. ఆయన మంచోడని చెప్పమనట్లా. నీకు నచ్చాడని చెప్పమనట్లా. నువ్వు కళ్లారా చూసింది చెప్పు."

"పిల్లలు రోజూ అడగతన్నారు, అత్త ఎప్పుడొస్తదని," అన్నాడు అతను నేల చూస్తూ.

"తీసకరా. సీతారావమ్మ గారి రేకుల గది నీకు తెలీదా? నేను ఇల్లు మారానురా, చచ్చిపోలా. నీ పెళ్లయి నీ పెళ్లాం ఇంట్లోకి వచ్చిన్నాడు నేనేమన్నా ఏడ్చానా?"

"ఏడ్చావు," అన్నాడు దేవానందం.

లూర్దమ్మ చప్పున తలెత్తి వాడి వంక చూసింది.

"వంటింట్లో, బియ్యం డబ్బా పక్కన కూచోని. నీళ్లకని వచ్చి చూశా. ఏమనాలో తెలవక మళ్లీ పోయా."

రోడ్డు మీద బస్సొకటి హారన్ కొడుతూ పోయింది. ఇన్నేళ్లుగా వాడు ఆ సంగతి మనసులో పెట్టుకుని తిరుగుతున్నాడని ఆమెకు తెలియదు. కళ్లు మండాయి. తుడుచుకుందామని వేళ్లు ఎత్తి, మిరపకాయలు పట్టిన చేతులని గుర్తొచ్చి భుజంతో తుడుచుకుంది.

"పొద్దుగూకితే ఆఫీసు మూస్తారు దేవా," అంది మెల్లగా.

అతను మిషను కట్టేశాడు. చేతి తొడుగులు విప్పి తలుపు మీద పడేశాడు. షట్టరు సగం దించి, బండి స్టార్టు చేసి, వెనక్కి తిరిగి చూడకుండా "ఎక్కు, కొంగు చక్రంలో పడుద్ది, జాగర్త" అన్నాడు.

ఎస్సై ముందు దేవానందం కూర్చోలేదు. మసి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడే చెప్పాడు. "మా అక్కండి. పెళ్లి జరిగింది. నేను చూశానండి. అప్పుడు కోపంలో తెలీదన్నా."

"ఇద్దరూ కాపురం చేస్తున్న మాట నిజమేనా?"

"నిజమేనండి."

"ఈయన నీకేమవుతాడు?"

గుమ్మం పక్కన నిలబడిన ఆంటన్ వైపు దేవానందం మొదటిసారి నేరుగా చూశాడు. ఆ చూపుకు ఆంటన్ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కదిలి, కట్టుకుని, మళ్లీ విడదీసుకున్నాడు.

"బావండి," అన్నాడు దేవానందం.

ఎస్సై రాసుకున్నాడు. ముగ్గురి చేతా సంతకాలు పెట్టించుకున్నాడు. రిపోర్టు బాగా వెళ్లినా వీసా ఇచ్చేది తాను కాదని, కొన్ని నెలలు పట్టవచ్చని, అసలు రాకపోవచ్చునని కూడా ఉన్నదున్నట్టు చెప్పాడు. లూర్దమ్మ అన్నీ విని, "నేను ఆయన కాడికి పోవాలంటే పాస్‌పోర్టుకి యాడ పెట్టుకోవాల సార్?" అని అడిగింది. నెట్ సెంటర్‌లోనే పెట్టుకోవచ్చని, పరిశీలనకు మళ్లీ ఇక్కడి పోలీసులే వస్తారని ఎస్సై చెప్పాడు. "అయితే మళ్లీ కలుద్దాం సార్," అని ఆమె నమస్కారం పెట్టింది.

ఎందుకైనా మంచిదని ముందే తీసిపెట్టుకున్న విమానం టిక్కెట్టు రేపటిది; సాయంత్రం చెన్నై బస్సు ఎక్కితేనే అందుతుంది. ఆంటన్ గదికి వెళ్లి పెట్టె సర్దుకుని వచ్చేసరికి దేవానందం బస్సు దగ్గరే ఉన్నాడు. పెట్టె తీసుకుని తనే బస్సు కింది అరలో పెట్టాడు. నీళ్ల సీసా, పులిహోర పొట్లం కొనుక్కొచ్చి బావ చేతికిచ్చి, బండి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"వీసా ఇస్తారు," అన్నాడు ఆంటన్.

"ఇస్తారు. ఇయ్యకపోతే నేనొస్తా."

"నువ్వు ఓడ చూశావా లూర్దు? సముద్రం చూశావా?"

"చూడలా. చూస్తా."

అతను ఆమె కుడిచేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. నలుగురిలో ఎప్పుడూ అలా చేసినవాడు కాదు. డ్రైవరు ఎక్కాడు. బస్సు కదిలి, మలుపులో ఆగి, మరొకరిని ఎక్కించుకుని వెళ్లిపోయింది. కిటికీలు మూసిన ఏసీ బస్సు. లోపల ఎవరు చెయ్యి ఊపుతున్నారో బయటికి తెలియలేదు.

ఇంటికి రమ్మని దేవానందం పిలిచాడు. ఆదివారం వస్తానంది. గది దగ్గర దిగబెట్టి వెళ్లాడు. అరుగు మీద కూర్చున్న ఇంటావిడ సీతారావమ్మ "పంపించావా?" అని అడిగితే "పంపించా పిన్నీ" అంది. ఆవిడ లేచి, గిన్నెలో పప్పుచారు తెచ్చి గుమ్మంలో పెట్టింది.

లూర్దమ్మ పట్టుచీర విప్పి, మడత పెట్టి, పనిచీర కట్టుకుంది. రేపు కాస్త ముందే పోవాలి. పని దిగాక నవీద్ దగ్గరికి వెళ్లి పాస్‌పోర్టు సంగతి చూడాలి. ఫొటో దిగాలంటే మళ్లీ ఈ చీరే. ఇవన్నీ అనుకుంటూ ముఖం కడుక్కుని, తుడుచుకుంటూ తలెత్తింది.

కిటికీ పక్కన గోడకు ఆంటన్ గడ్డం గీసుకునే అద్దం ఉంది. సర్దుకునే తొందరలో మరిచిపోయాడు. అతని ఎత్తుకు కొట్టిన మేకు. ముందు నిలబడితే ఆమెకు తన పాపిట, పైనున్న రేకూ తప్ప ఏమీ కనిపించలేదు. కిందికి దించి కొట్టుకుందామా అని చెయ్యి చాపి, ఆగి, అలాగే వదిలేసింది. ప్లాస్టిక్ అంచు మీద సబ్బు నురగ చుక్క ఒకటి, పొద్దుటిది, ఎండి తెల్లగా అంటుకుని ఉంది.