ఒప్పజెప్పే కాగితం

డ్యూటీ దిగి ఇంటికొచ్చిన ఏ నర్సయినా ముందు చేతులు కడుక్కుంటుంది. ఆమె మాత్రం కడుక్కున్న చేతులకు మళ్ళీ చెక్కపొట్టు పులుముకునేది. స్పిరిటు వాసన అంటితే తల్లి పిల్లల్ని దగ్గరకు రానివ్వదేమోనని భయం. తల్లి అంటే జెర్బిల్, ఎలుకంతే ఉండి తోక చివర కుచ్చు ఉన్న జీవి. బళ్ళో సైన్సు చెప్పే భర్త, సెలవుల్లో చూసేవాళ్ళెవరూ లేరని ఒక జతను గాజుపెట్టెతో సహా తెచ్చి హాల్లో పెట్టాడు. రెండూ ఆడవేనని, ఒక్క నెలన్నరేనని చెప్పాడు. వారం తిరక్కుండానే వాటిలో ఒకటి మగదనీ, రెండోది కడుపుతో ఉందనీ నర్సు కంటికి తెలిసిపోయింది. సైన్సు మాస్టారికి ఆ సంగతి తెలియదనే ఆమె అనుకుంది.

"చంటిపిల్లల వార్డులో చేసేదానివి, నీకిదో లెక్కా" అని ఆయన చేతులు దులిపేసుకున్నాడు. మనుషులకు చేసి ఇంకా తీరిక మిగిలినట్టుందని అత్తగారు సాగదీసింది. తీరిక మాట దేవుడెరుగు, పొద్దున్న ఆరింటికి డ్యూటీ ఎక్కేలోపు వంట, ఇద్దరాడపిల్లల జడలు, అత్తగారి బీపీ బిళ్ళ అన్నీ అయిపోవాలి. వాటికి తోడు ఇప్పుడు ఈ గాజుపెట్టె. అయినా నోరులేని జీవి కదా అని, వాటిని పెంచడం గురించి ఉన్న చిన్న పుస్తకమొకటి సంపాదించి చదివింది. ఈ జాతిలో ఆడది కన్నరోజే మళ్ళీ కడుపు తెచ్చుకుంటుందట. చంటిపిల్లలు రొమ్ము పట్టుకుని ఉండగానే లోపల ఇంకో కాన్పు మొదలన్నమాట. అది చదివి ఆమె ఒళ్ళు జలదరించింది. వెంటనే పెట్టె మధ్యలో మెష్ అడ్డంగా బిగించింది. వాసన తగులుతుంది, ఒళ్ళు తగలదు.

"నేను డ్యూటీలో ఉన్నప్పుడు కనినా సరే, ఈ మెష్ మాత్రం తియ్యకండి. కాన్పు మీద కాన్పు అది తట్టుకోలేదు" అంది.

"నువ్వు చెప్పాక తిరుగేముంది" అన్నాడాయన.

ఆమె వార్డులో ఉండగా మధ్యాహ్నం ఫోన్ చేసి, ఐదు పుట్టాయని సంబరంగా చెప్పాడు. ఇంటికొచ్చి చూస్తే వేరుశనగ గింజల్లా ఐదు గులాబిరంగు ముద్దలు. వెంట్రుక లేదు, కళ్ళు తెరవలేదు. మెష్ ఎక్కడిది అక్కడే ఉంది. తల్లి తొక్కుతుంటే పిల్లలు చిక్కుకుంటాయని తిరిగే చక్రం బయటికి తీసేసింది. నీళ్ళ గొట్టాన్ని కిందికి దించింది. అన్నిటికంటే చిన్నదానికి బుడంకాయ అని పేరు పెట్టి, మిగతా నాలుగింటినీ కాసేపు వేడినీళ్ళ సీసా పక్కన పడుకోబెట్టి దానికి ఒక్కదానికే పాలు దక్కేలా చూసేది. రోజూ వంటింటి కాటా మీద తూచి బరువు రాసుకునేది. వారానికి నూగు వచ్చింది. పద్దెనిమిదో రోజు బుడంకాయ కళ్ళు తెరిచి తనవైపే చూసినప్పుడు, ఎన్నేళ్ళ తరవాతో ఆమెకు ఊరికే నవ్వొచ్చింది. వచ్చినవాళ్ళంతా మాస్టారి ఓపికను మెచ్చుకుని వెళ్ళేవారు. ఆయన కాదనేవాడు కాదు.

ముప్పై రెండో రోజు గూడు శుభ్రం చేద్దామని చెయ్యి పెడితే, కింద మళ్ళీ నాలుగు గులాబిరంగు ముద్దలు. తల్లి వీపు మీద జుట్టు రేగిపోయి, ఎముకలు చేతికి తగులుతున్నాయి. నెలలు లెక్కకట్టడం ఆమెకు వేళ్ళ మీద పని. కడుపు మోసేది ఇరవై అయిదు రోజులు, పాలిచ్చే తల్లికైతే ఇంకో వారం. లెక్క సరిగ్గా మొదటి కాన్పు రోజు మీదకే వెళ్ళి ఆగింది.

"ఆ రోజు మెష్ తీశారా?" అని అడిగింది.

ఆయన పేపరు దించలేదు. "గంటసేపే తీశాను. బడి తెరిచేసరికి అప్పుడే పుట్టినవి చూపిస్తానని పిల్లలకు మాటిచ్చాను. చెప్తే నువ్వు ఒప్పుకుంటావా? నీకు చెప్తే ఏ పనీ అవదు. మన చిన్నదాని విషయంలో మాత్రం చెప్పి చేశానా? చెప్పుంటే అది పుట్టేదా?" అని నవ్వాడు.

ఆమెకు కాసేపు ఆ మాట తలకెక్కలేదు. ఎక్కాక లెక్క ఇంకా వెనక్కి వెళ్ళింది. తొమ్మిదేళ్ళ కిందట, పెద్దదానికి ఆరో నెల. నవజాత శిశువుల సంరక్షణలో రెండేళ్ళ కోర్సుకు తనకు సీటొచ్చింది. కడుపు రాకుండా బిళ్ళలు వేసుకుంటే పాలు తగ్గుతాయి, వద్దులే, జాగ్రత్త నేను చూసుకుంటాను అన్నాడీయన. నమ్మింది. నెల తప్పింది. సీటు పోయింది. నర్సువై ఉండి లెక్క తప్పావా అని అత్తగారు దెప్పింది, వార్డులో అక్కలు ముసిముసిగా నవ్వారు. తను కూడా తననే తిట్టుకుంది, ఎక్కడ తప్పానా అని క్యాలెండర్ ముందు నిలబడి మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంది. అప్పుడీయన పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, పోనీలే, పొరపాట్లు ఎవరికైనా అవుతాయి అన్నాడు. తనను క్షమించాడు! ఆ క్షమకు తొమ్మిదేళ్ళుగా రుణపడి ఉన్నదానిలా బతికింది. చిన్నది తన ప్రాణం, అది లేని ఇల్లు ఊహించలేదు. అందుకే కదా ఈయనింత ధైర్యంగా దాని వెనక దాక్కుని నవ్వుతున్నాడు. మోసం చేసినందుకంటే ఆ క్షమించినందుకే ఆమె కడుపు మండిపోయింది.

పోయిన వారం అదే కోర్సుకు మళ్ళీ పిలుపొచ్చింది. హాస్టల్లో ఉండాలి. రాలేనని రాసిన జవాబు ఇంకా బ్యాగులోనే ఉంది. ఆమె దాన్ని నాలుగు ముక్కలుగా చింపి, తెల్లకాగితం తీసుకుని బల్ల దగ్గర కూర్చుంది.

వార్డులో ఒక పద్ధతుంది. డ్యూటీ దిగే నర్సు ఒక్కొక్క బిడ్డ గురించీ బరువెంత, పాలెంత, మందేమిటి అని రాసి ఒప్పజెప్పాలి. ఎక్కే నర్సు చదివి సంతకం పెట్టాలి. పెట్టేదాకా గడప దాటడానికి లేదు. పెట్టాక ఇక వెనక్కి తిరిగి చూడక్కర్లేదు. ఆమె అదే వరసలో రాసింది. జెర్బిల్ పిల్లలు తొమ్మిది, బుడంకాయకు విడిగా గింజలు, మగదాన్ని వేరే పెట్టెలోకి మార్చాలి. ఆడపిల్లలిద్దరు, పెద్దదానికి దుమ్ము పడదు, చిన్నదానికి లెక్కలు దగ్గర కూర్చుని చెప్పాలి. అత్తగారికి పొద్దున్నే బీపీ బిళ్ళ. వంట రెండుపూటలా.

కాగితం ఆయన ముందు పెట్టి పెన్ను మూత తీసి ఇచ్చింది.

ఆయన చదువుతూ చదువుతూ నవ్వాడు. "బాగుందే! ఇంతకీ ఈ డ్యూటీ ఎన్నింటిదాకా?"

"రెండేళ్ళండీ" అంది ఆమె. "నేను చెప్పే వెళ్తున్నాను."