వైరు కలపని మిక్సర్

మైక్‌సెట్టు వ్యాపారంలో దెబ్బలు తినడం నాకు కొత్త కాదు. వానకు స్పీకరు బాక్సులు నానిపోయాయి. ఒక పెళ్ళిలో తాగినవాడెవడో యాంప్లిఫయర్ మీదెక్కి కూర్చున్నాడు. ఊరేగింపు మధ్యలో జనరేటర్ మొండికేసింది. ప్రతిసారీ పోయిందేమిటి, మిగిలిందేమిటి అని చూసుకుని, మర్నాడు మామూలుగా దుకాణం తీసినవాణ్ణే. కానీ పొట్టంగి కొండమీద, పట్టపగలు, మైకు చేత పట్టుకుని నేను అరుస్తుంటే నా గొంతు నాకే వినపడకపోవడం మాత్రం ఏ పద్దులోనూ పట్టలేదు. ఇప్పటికీ పట్టడం లేదు.

మా తాతలది శ్రీకాకుళం పక్క. వ్యవసాయం కోసం వంశధార వెంబడి ఒడిశాలోని గుణుపురం వచ్చారు. భూమి అన్నదమ్ముల మధ్య ముక్కలయ్యాక నా ముక్కను నమ్ముకోకుండా నేను మైక్‌సెట్టు పెట్టాను. దుకాణానికి పేరు తెచ్చింది మైకుల శబ్దాలన్నీ కలిపి సరిచేసే పెద్ద మిక్సర్. వెడల్పాటి బల్లంత ఉంటుంది. వరసలు వరసలుగా తిప్పే బుడిపెలు, వాటి కింద పైకీ కిందికీ జరిపే మీటలు, ఎరుపూ పచ్చా దీపాలు. పాట మొదలవకముందే జనం దాని చుట్టూ మూగేవారు. నా అనుభవంలో బేరమాడేవాడు చెవితో బేరమాడడు, కంటితో ఆడతాడు. నలుగురు మోసుకొచ్చిన సామానుకు ఇచ్చే మర్యాద ఒకడు పట్టుకొచ్చిన సామానుకు ఇవ్వడు.

మా అమ్మాయి శాంతిప్రియ ఈ లెక్కనే తిరగేసింది.

గుణుపురంలోనే ఎలక్ట్రానిక్స్ చదివింది. భువనేశ్వర్‌లో ఉద్యోగం వచ్చింది. చేరేలోగా ఒక పెట్టె చేస్తానని దుకాణం వెనక గదిలో కూర్చుంది. రొట్టెల డబ్బా అంత కంప్యూటర్ ఒకటి తెచ్చింది. మైకుల వైర్లన్నీ గుచ్చుకునే సౌండ్ కార్డు, ఒక వైఫై రౌటర్, కరెంటు పోయినా కాసేపు నడిపే బ్యాటరీ, వీటన్నిటినీ వడ్రంగి చేత చేయించిన ప్లైవుడ్ పెట్టెలో అమర్చింది. జీపు కుదుపులకు కదలకుండా ప్రతిదాని కిందా రబ్బరు ముక్కలు వేసింది. ఎర్రదుమ్ము లోపలికి పోకుండా ఫ్యాను ముందు దోమతెర గుడ్డ బిగించింది. కంప్యూటర్‌లో మనకు పనికిరానివన్నీ తీసేసింది. మైకులో అన్న మాట బాక్సులోంచి ఒక్క పిసరు ఆలస్యంగా వచ్చినా పాడేవాళ్ళు తడబడతారట. ఆ పిసరు తగ్గించడానికే వారాల తరబడి కుస్తీ పట్టింది. చివరికి పాత సూట్‌కేసు పిడి ఒకటి పైన బిగించి, ఒంటిచేత్తో ఎత్తి నా ముందు పెట్టింది.

"ఇదేటమ్మీ, అన్నం కేరేజీ?" అన్నాను.

"మిక్సర్ నాన్నా."

"మీటలేవీ?"

చేతిలో ట్యాబ్ చూపించింది. అద్దం మీద మీటల బొమ్మలున్నాయి. వేలితో జరిపితే బాక్సుల్లో శబ్దం మారుతోంది. నేను గది దాటి వీధిలోకి వెళ్ళి నిలబడ్డాను. అక్కడికీ వచ్చి, నా పక్కనే నిలబడి, లోపల పాడుతున్న పాటలో తబలా ఒక్కటే తగ్గించింది, మళ్ళీ పెంచింది. ఇన్నేళ్ళూ జనం ఎక్కడో కూర్చుంటే నేను మిక్సర్ దగ్గర కూర్చుని, వాళ్ళకెలా వినపడుతోందో ఊహించి పనిచేశాను. ఇది జనంలోనే కూర్చుని చేస్తానంటోంది.

మా ఆవిడ రాజులమ్మ గడపలోంచి చూసి, "బాగుందే గానీ, ఇంత సిన్నదానికి ఎవడిత్తాడు డబ్బులు?" అంది. నా మనసులో మాటే.

అందుకని ఒక ఒప్పందం చేసుకున్నాం. రాబోయే బేరం పొట్టంగి పైన కొండ ఊళ్ళో. అక్కడ పెట్టె బాగా పనిచేస్తే దుకాణం దాని చేతికి, అంటే శాంతిప్రియ చేతికి. పనిచేయకపోతే అది భువనేశ్వర్ బస్సెక్కుతుంది. నేను పాత దారినే పోతాను.

ఆ బేరం ఇచ్చినాయన అనంతపద్మనాభం గారు. వాళ్ళ పెద్దలు కోస్తా నుంచి వచ్చి జయపురం ఎస్టేటులో దివాణం పనులు చూసినవాళ్ళు. ఈయన పెద్ద ఉద్యోగం చేసి రిటైరై రాయగడలో ఉంటున్నారు. కొండ ఊరి బడిలో ఆయన భార్య విశాలాక్షమ్మ గారు ఒకప్పుడు పాఠాలు చెప్పారు. ఆవిడ పేరు మీద ఆ బడి మైదానంలో చైత్రమాసంలో పాటల కార్యక్రమం. ఆయన మనవరాలు మహతి పాడుతుంది, ఊరివాళ్ళు డోలూ, సన్నాయిలాంటి మహురీ వాయిస్తారు. రాయగడ, కొరాపుట్, దామంజోడిలో ఆయన చెప్పినవాళ్ళకే ఏడాది పొడుగునా ఫంక్షన్ల బేరాలు. ఆయన మెచ్చుకుంటే మాకు తిరుగులేదు.

అక్కడికి వ్యాన్ ఎక్కదు. జీపులో పోవాలి. అలాంటి చోటుకోసమే ఆ చిన్న పెట్టె. అయినా నేను పెద్ద మిక్సర్‌ను కూడా జీపులోకి ఎక్కించాను. దానికి దెబ్బ తగలకుండా మధ్యలో కూర్చున్న నాకు దారంతా మోకాళ్ళు గడ్డం కింద ఉన్నాయి.

శాంతిప్రియ మైదానంలో దిగి, నేను మిక్సర్‌ను స్టేజీ ఎదురుగా బల్ల మీద పెట్టి గుడ్డ దులుపుతుంటే చూసింది.

"ఇదేటి నాన్నా? దీనికి ఒక్క వైరూ కలపనేదు కదా!"

"కరెంటు వైరు కలిపేను. దీపాలు ఎలుగుతాయి. సాలు."

"దీపాలకోసం కొండెక్కించేవా?"

"నువ్వు ఎనక జనంలో కూకొని నీ పని సేసుకో అమ్మీ. ముందర నేను కూకుంతాను. బాబుగారికి ఏటో ఒకటి కనపడాల గదా!"

"జనాన్ని ఎర్రోల్ని సేస్తావా?"

"జనాన్ని కాదు, కళ్ళని."

దాని మొహం ముడుచుకుపోయింది. చిన్న పెట్టెను స్టేజీ కింద పెట్టి, మైకుల వైర్లన్నీ అందులో గుచ్చి, ట్యాబ్ పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది. నేను పెద్ద మిక్సర్‌కు ఒక మైకు కూడా తగిలించి పక్కన పెట్టుకున్నాను. అది లేకపోతే బల్ల నిండుగా కనపడదు.

పద్మనాభం గారు వచ్చి మిక్సర్ దీపాలు చూసి తల పంకించారు. "సామాను గట్టిదే తెచ్చావోయ్!"

మహతి పాట ఎత్తుకుంది. నేను ఉలిక్కిపడ్డాను. ఇన్నేళ్ళలో నా బాక్సుల్లోంచి అంత శుభ్రమైన గొంతు రావడం నేను వినలేదు. ఊపిరి పీల్చడం కూడా వినపడుతోంది. వెనక డోలు మోగుతున్నా మాట మాటగానే ఉంది. ముసలివాళ్ళు వాయిస్తున్న మహురి చెవిలో గుచ్చుకోకుండా పాట పక్కనే నడిచింది. కొండవాళ్ళ పిల్లలు కొందరు పాడేది ఎక్కడినుంచని బాక్సు వెనక్కి వెళ్ళి చూశారు.

రెండో పాటకు పద్మనాభం గారు నా దగ్గరికి వంగారు. "గొంతు కొంచెం పదునుగా ఉంది. తగ్గించు."

నేను ఒక బుడిపెను తిప్పాను. అది దేనికీ కలపలేదు.

"ఇప్పుడు బాబూ?"

ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. "ఆఁ! ఇప్పుడు హాయిగా ఉంది."

నేను నవ్వాపుకోలేక వంగి, లేని వైరును సర్దినట్టు నటించాను. నా లెక్క నెగ్గింది. శాంతిప్రియ పనితనం, నా కనికట్టు, రెండూ కలిసి ఒక నిండు బేరం.

నాలుగో పాట నడుస్తుండగా కొండ మీంచి గాలి దిగింది. చైత్రంలో ఆ పక్క మధ్యాహ్నాలు అలాగే వస్తుంది, చెప్పకుండా. షామియానా గుడ్డ ఒక్కసారి పొట్ట ఉబ్బినట్టు లేచింది. అప్పుడు చూశాను. టెంటు వేసినవాళ్ళు షామియానా తాడును తెచ్చి మా కుడివైపు స్పీకర్ల వెదురు కట్టుకు ముడేశారు. గుడ్డ లేచినప్పుడల్లా తాడు బిగుసుకుని కట్టు ముందుకు వంగుతోంది. పైన రెండు పెద్ద బాక్సులున్నాయి. కింద నీడ బాగుందని ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళో వేసుకుని కూర్చున్నారు. ఒకావిడ వెదురుకే వీపు ఆనించింది.

నేను మైకు లాక్కున్నాను.

"లెగండి! అటేపు నుంచి లెగండి!"

ఏమీ రాలేదు. మీటలన్నీ అరచేత్తో పైకి తోశాను. దీపాలు చక్కగా వెలుగుతున్నాయి. "లెగండి!" మళ్ళీ ఏమీ లేదు. నా చెయ్యి మీటల్ని మళ్ళీ కిందికి లాగి పైకి తోస్తోంది. ఇది ఖాళీదని నాకు తెలుసు, దాన్ని అక్కడ పెట్టిందే నేను. అయినా చెయ్యి ఆగలేదు. ముప్పు వస్తే మీటలు తోయడం తప్ప ఆ చేతికి వేరే విద్య రాదు.

మైకు పారేసి గొంతెత్తి అరిచాను. మహతి పాట నా అరుపును మింగేసింది. ఎంత బాగా, ఎంత నిండుగా వస్తోందంటే నా పక్కనున్న పద్మనాభం గారే నా వైపు తిరగలేదు. మా అమ్మాయి చేసిన పెట్టె ఎంత బాగా పనిచేస్తే నేనంత మూగవాణ్ణి. శాంతిప్రియకు ఫోను చేద్దామంటే ఆ కొండమీద సిగ్నల్ లేదు. పరుగెడదామంటే మధ్యలో జనం చాపల మీద అంచుకు అంచు ఆనించి కూర్చున్నారు. బల్ల మీదికెక్కి చేతులూపాను. డాన్సు అనుకుని ముందువరస పిల్లలు చప్పట్లు కొట్టారు.

పాట ఆగిపోయింది.

డోలు, మహురి, గొంతు, అన్నీ ఒక్కసారి కోసేసినట్టు ఆగాయి. స్టేజీ మీద మహతి పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఆ నిశ్శబ్దంలో నా అరుపు నాకే కొత్తగా, చీలిపోయి వినపడింది.

"ఉఠ! ఘుంచ! బాక్సులు పడతన్నాయి! లెగండి!"

ఒడియా సగం, తెలుగు సగం. ముందు వెదురుకు ఆనుకున్నావిడ లేచింది. తలెత్తి చూసి, పక్కనున్న పిల్లను రెక్క పట్టుకుని ఈడ్చింది. మిగతావాళ్ళు ఎందుకో తెలియకుండానే ఆమె వెనక లేచారు. చాపలు తొక్కుకుంటూ, చెప్పులు వదిలేసి. ఆఖరి పిల్లవాడి అడుగు చాప దాటిందో లేదో, గాలి మళ్ళీ లేచింది. కట్టు వంగి, ఒక క్షణం అలాగే ఆగి, మొత్తం కూలింది. నేల అదిరింది. బాక్సు మూల దిగబడిన చోట చాప నేలలోకి కుక్కుకుపోయింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. అది రూఢి చేసుకోవడానికి ఊరి మనుషులు పిల్లల్ని పేర్లు పెట్టి పిలుచుకుంటూ తిరిగారు. నేను బల్ల దిగాను.

శాంతిప్రియ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ట్యాబ్ గుండెకు హత్తుకుని ఉంది. "నువ్వు బల్లెక్కడం సూసేను నాన్నా. నోరు కదుల్తంది, మాట రాదు. ఏటో తెలీనేదు. అన్నీ ఆపీసేను."

పద్మనాభం గారు అప్పటికి తేరుకున్నారు. మొహం పాలిపోయి ఉంది. "ఏమయ్యా అసిరయ్యా! చేతిలో మైకుంది కదా! అందులో చెప్పక బల్లెక్కి ఆ గంతులేమిటి? మైకెందుకు పలకలేదు?"

ఆయన అడిగిన క్షణంలోనే జవాబు నా నాలుక మీదికి వచ్చేసింది. కొత్త పెట్టె బాబూ, మొరాయించింది, ఇక మీ ఫంక్షన్లకు పాతదే తెస్తాను. అంతే. ఆయన నమ్ముతారు. ఏడాది బేరాలు నిలబడతాయి. నా పెద్దరికం నిలబడుతుంది. పోయేది ఆ ప్లైవుడ్ పెట్టె ఒక్కటే. వ్యాపారంలో ఎవడైనా చూసుకునే లెక్క అది. శాంతిప్రియ నా పక్కనే ఉంది. నేను ఏమంటానో దానికి ముందే తెలిసినట్టు ట్యాబ్ ఆపేసి సంచీలో పెట్టుకుంటోంది.

అది చూసి నాకు బాక్సులు పడ్డప్పటికంటే ఎక్కువ అదురు పుట్టింది. నా బిడ్డ నన్ను అంత సరిగ్గా అంచనా కట్టేసింది.

"పెట్టె తప్పు కాదు బాబూ," అన్నాను. "ఇది ఉత్త డొల్ల. దీన్నుంచి బాక్సులకి ఏ వైరూ నేదు. మీకు కనపడాలని నేనే తెచ్చి పెట్టేను. పాటంతా స్టేజీ కింద పెట్టెలోంచే వచ్చినాది. సేసింది మా అమ్మాయి."

ఆయన మిక్సర్ కేసి చూశారు, నాకేసి చూశారు. "మరి నేను పదును తగ్గించమంటే తిప్పావే?"

"తిప్పేను బాబూ."

"తగ్గిందే!"

స్టేజీ మెట్ల మీద మహతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "తాతగారూ, హాయిగా ఉందన్నారు కదా!" అనేసింది ఆగలేక.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నన్ను ఆటపట్టించావన్నమాట. నలుగురిలో. విశాలాక్షి పేరు మీద జరిగే సభలో." ఇంకేదో అనబోయి, కూలిన బాక్సుల వైపు చూసి మానేశారు. "పిల్లల్ని కాపాడావు కనుక ఊరుకుంటున్నాను. నీ సామాను మాత్రం ఇక నా గుమ్మం తొక్కకూడదు." కండువా విదిలించి వెళ్ళిపోయారు. మహతి ఒకసారి వెనక్కి తిరిగి శాంతిప్రియకు చెయ్యి ఊపింది.

రాయగడ పోయింది, కొరాపుట్ పోయింది, దామంజోడి పోయింది. లెక్కకు వేళ్ళు మడవబోయి మానేశాను.

వెదురుకు ఆనుకుని కూర్చున్నావిడ వచ్చి పడిన బాక్సు కింద చెప్పు కోసం వంగి చూస్తోంది. పిల్ల ఆమె నడుం మీద నిద్రపోతోంది. నేనూ శాంతిప్రియా కలిసి బాక్సు ఎత్తాం. చెప్పు దొరికింది. ఆవిడ నా మొహం చూసి, కొండవాళ్ళు మాట్లాడే దేశియాలో ఏదో అని నవ్వింది. నాకు అర్థం కాలేదు. శాంతిప్రియకు అర్థమైంది.

"ఏటంటంది?"

"నీ గొంతు మైకు కంటే గట్టిదంట."

నవ్వు రాలేదు నాకు. శాంతిప్రియ వైర్లు చుట్టడం మొదలుపెట్టింది. చుడుతూ, నాకేసి చూడకుండానే అంది.

"రేపు గుణుపురం కాలేజీవోళ్ళు వస్తామన్నారు, వాళ్ళ ఫంక్షన్ బేరానికి. నేనుంతాను."

"భువనేశ్వర్?"

"ఎల్లను. కానీ బేరం నేను మాటాడతాను. ఎంత సిన్న సామానుతో సేస్తామో అంతే సూపిస్తాను. ఇష్టమైనోడు ఇస్తాడు, ఇష్టం నేనోడు పోతాడు. నీకు సమ్మతమేనా?"

"సమ్మతం," అన్నాను.

ఎవరి వాటా ఏమిటి, పోయిన బేరాల మాటేమిటి, ఏదీ అడగలేదు. అడగలేదని కూడా జీపు కొండ దిగి పొట్టంగి చేరాకే నాకు తట్టింది. అప్పటికీ నా కుడిచెయ్యి ఒళ్ళో లేని మీటల్ని తోస్తున్నట్టు పైకీ కిందికీ కదులుతూనే ఉంది. శాంతిప్రియ అది చూసి, దాని మీద తన చెయ్యి వేసి నొక్కి ఉంచింది.