చెంచా కింద పెట్టిన డ్రైవరు

గురువారం లోపల చెయ్యవలసినవి తొమ్మిది. రోజుకు మూడుసార్లు నాన్న నోరు మెత్తటి బ్రష్షుతో శుభ్రం చెయ్యాలి. ముక్కులోంచి పొట్టలోకి వెళ్ళే గొట్టం జారకుండా చెంప మీద అంటించిన టేపు రోజు విడిచి రోజు మార్చాలి. గొట్టంలో పోసే పలచటి ఆహారం మూడు గంటలకొకసారి, అదీ ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టాకే. గొట్టం పీక్కోకుండా ఎడమచేతికి గుడ్డ తొడుగు. నీళ్ళను చిక్కబరిచే పొడి ఒక డబ్బా. ఆఫీసులో సెలవు చీటీ. గురువారం పొద్దున తొమ్మిదింటికి ఆటో. చల్లటి చెంచా నాలుక వెనకవైపు ఆనించడం, పూటకు పదిసార్లు. ఆఖరిది, అన్నిటికన్నా కష్టమైనది: ఉత్త గుటకలు, రోజుకు అరవై.

ఉత్త గుటక అంటే నోట్లో ఏమీ లేకుండానే మింగడం.

ఈ జాబితాను అమ్మాయి తన ఆఫీసు పాత ఫారం వెనక గుండ్రటి అక్షరాలతో రాసి వంటగది తలుపుకి అంటించింది. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమె. నీటి సరఫరా ఆఫీసులో చిన్న ఉద్యోగం. ఏ కష్టమొచ్చినా ముందు కాగితం తీసి వరస నంబర్లు వేస్తుంది. అందుకే నాన్నతో పద్దెనిమిదేళ్ళు ఒకే బస్సు మీద పనిచేసిన కండక్టరు బాబాయి ఆమెను పేరు పెట్టి పిలవడం ఏనాడో మానేశాడు. "ఏమే డిగ్రీ" అంటాడు.

నాన్న బస్సు డ్రైవరు. ఐదు వారాల కిందట డిపోలో బస్సు దిగుతూ కుప్పకూలిపోయాడు. తలలో రక్తనాళం మూసుకుపోయిందన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు బలం తప్పాయి. మాట ముద్దగా వస్తోంది. వాటన్నిటికీ ఆయన ఎలాగో సర్దుకున్నాడు గాని, మింగడం పోవడం మాత్రం తట్టుకోలేకపోయాడు. లాలాజలం కూడా గొంతు దిగక పెదవి చివరనుంచి కారుతూ ఉండేది. మెడ చుట్టూ తువ్వాలు కట్టి, అది తడిసినప్పుడల్లా అమ్మ మారుస్తూ ఉండేది. గంటకొక తువ్వాలు. ఇంట్లో ఉన్న రెండు గదుల నిండా తువ్వాళ్ళే ఆరేసి ఉండేవి.

ఆస్పత్రిలో మింగడం మళ్ళీ నేర్పే ఆవిడ ఒకరున్నారు. హోదా పేరు పలకడానికే ఒక గుటక పట్టేంత పొడుగు. అందుకని అందరూ గుటకల టీచరనే అంటారు. పోయిన వారం ఆవిడ మొదటి పరీక్ష పెట్టింది. మెత్తగా చిదిమిన బంగాళాదుంప, చిన్న గిన్నెలో. మొదటి చెంచా బాగానే దిగింది. అంతే, నాన్న ఎడమచేత్తో గిన్నె లాక్కుని వరసగా మూడు చెంచాలు నోట్లో వేసుకున్నాడు. ముఖం నీలంగా మారిపోయింది. నర్సులు పరుగెత్తుకొచ్చి గొంతులోకి యంత్రం పెట్టి లాగాల్సి వచ్చింది.

"గొంతు పూర్తిగా పోలేదమ్మా," అంది టీచరు, చెమట తుడుచుకుంటూ. "సగం తప్పు గొంతుదైతే సగం తప్పు ఈయన తొందరది. ఒక గుటక వెయ్యాలి, ఆగాలి, మిగిలింది దిగేలా ఉత్తగా ఇంకో గుటక వెయ్యాలి. అప్పుడే రెండో చెంచా. ఈయనేమో రైలు వెళ్ళిపోతున్నట్టు తింటున్నారు."

"రైలు కాదమ్మా, బస్సు," అంది అమ్మ.

ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య పన్నెండు నిమిషాలు. టైర్లు చూసుకోవడం, చేతులు కడుక్కోవడం, పుస్తకంలో సంతకం పెట్టడం పోగా తిండికి మిగిలేది నాలుగు. ముప్ఫై ఏళ్ళు అలా తిన్నాడు. సెలవు రోజున ఇంట్లో కూర్చున్నా అలాగే తిన్నాడు. డిపోలో ఆయన మారుపేరే "నాలుగు నిమిషాలు".

గురువారం రెండో పరీక్ష. అందులోనూ తప్పితే పొట్టకు చిల్లు పెట్టి అక్కడే గొట్టం అమరుస్తామని డాక్టరు చెప్పేశాడు. నోటితో తినే సంగతి ఆ తర్వాత తీరిగ్గా చూద్దామన్నాడు. తీరిగ్గా అంటే ఏమిటో ఆఫీసులో పనిచేసే అమ్మాయికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ మాట విన్నప్పట్నుంచి నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. మొదటిరోజు అరవై ఉత్త గుటకలకు ఆయన వేసినవి ఏడు.

మర్నాడు సాయంత్రం అమ్మాయి ఫోనులో గొంతు వ్యాయామాల వీడియో పెట్టి, నీళ్ళ జగ్గుకి ఆనించి, గొట్టంలోకి ఆహారం పోసే సిరంజి కడగడానికి వెళ్ళింది. వ్యాయామం అయిపోయింది. దాని వెనకే ఇంకేదో మొదలైంది. జపాన్ సీరియలు. యాభై ఏళ్ళ ఆవిడ, గడియారాలు బాగుచేసే దుకాణం. మధ్యాహ్నమవగానే తలుపు మీది బోర్డు తిప్పేసి వీధిలోకి నడుస్తుంది. ఏదో ఒక చిన్న హోటల్లోకి వెళ్ళి కూర్చుంటుంది. తింటుంది. అదే కథ.

ముందు చూసింది అమ్మ. "ఐదు వారాలుగా నోట్లో మెతుకు పడని మనిషికి వంటలు చూపిస్తావటే! ఇదేనా నీ చదువు నేర్పింది?"

అమ్మాయి ప్రాణం చివుక్కుమంది. తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చి ఫోను తియ్యబోయింది. తొడుగు వేసిన ఎడమచెయ్యి మంచం పట్టీ మీద దబ్బున పడింది.

"వ... ద్దు."

తెర మీద మూత పెట్టిన చిన్న కప్పు వచ్చింది. ఆవిడ వెంటనే తినలేదు. రెండు చేతులూ కప్పుకి ఆనించి వెచ్చబరుచుకుంది. మూత తీసింది. ఆవిరికి కళ్ళద్దాలు మసకబారితే తనలో తనే నవ్వుకుంది. లోపల గుడ్డు గిలక్కొట్టి ఆవిరి మీద ఉడికించినది, వెన్నలా వణుకుతోంది. చిన్న చెంచాడు తీసుకుంది, కళ్ళు మూసుకుంది, మింగింది.

నాన్న గొంతుముడి పైకి లేచి కిందికి దిగింది.

ఆవిడ చెంచా కింద పెట్టింది. కిటికీలోంచి వాన చూసింది. నాన్న గొంతుముడి మళ్ళీ కదిలింది.

అమ్మాయి జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీద గీతలు పెట్టడం మొదలెట్టింది. ఆ భాగం ముగిసేసరికి ముప్ఫై ఒక్క గీత. నాన్న మెడ చుట్టూ ఉన్న తువ్వాలు పట్టుకు చూసింది.

"అమ్మా, ఇటు రా. పొడిగా ఉంది."

"ఏది?"

"తువ్వాలు. మనం బతిమాలితే ఏడు వేశారు. ఆవిడ అడక్కుండానే ముప్ఫై ఒకటి."

అయినా పెద్దవాళ్ళను అడగకుండా పని చేసే పిల్ల కాదు. గుటకల టీచరుకు ఫోను చేసింది. టీచరు నవ్వింది. "నోట్లో ఏమీ పెట్టనంతవరకు ఎన్నైనా చూడనివ్వు. గడ్డం కాస్త కిందికి వంచి మింగమని చెప్పు, అంతే." జాబితాకు పదో నంబరు చేరింది.

ఇక అమ్మాయి పట్టు పట్టింది. ఆఫీసుకి వెళ్ళేముందు రెండు భాగాలు, వచ్చాక రెండు. అడుగున ఇంగ్లీషులో పడే మాటలు చదివి నాన్నకు తెలుగులో చెప్పాలి. కుదించి చెబితే ఊరుకోడు, పట్టీ మీద కొడతాడు.

"ఏ... మంటోంది?"

"బయట వాన, లోపల మరిగే పులుసు, నేనుండాల్సిన చోటే ఉన్నాను అంటోంది నాన్నా."

ఆయన తల ఊపుతాడు. గుటక. ఆగడం. ఇంకో గుటక.

ఆదివారం కండక్టరు బాబాయి ఫ్లాస్కు నిండా టీతో వచ్చాడు. స్టూలు లాక్కుని కూర్చుని తెరవైపు అనుమానంగా చూశాడు.

"ఇందులో విలన్ ఎప్పుడొస్తాడే డిగ్రీ?"

"రాడు బాబాయ్."

"పోనీ ఆవిడకేమైనా రోగమా? మొగుడు వదిలేశాడా?"

"లేదు. ఆకలేసింది."

"ఆకలేస్తే?"

"తింటుంది."

"తిన్నాక?"

"బాగుందని చెప్పి దుకాణానికి వెళ్ళిపోతుంది."

"ఓరి వీళ్ళ దుంపతెగ! ఇలాంటి కథ నేను రోజుకు మూడు పూటలా చేస్తున్నా, నన్నెవడూ టీవీలో పెట్టడేం?" అన్నాడు గాని, లేస్తానన్నవాడు వరసగా మూడు భాగాలు చూశాడు. మధ్యలో గొంతు తగ్గించి ఫ్లాస్కు మూత తిప్పాడు. "పాపమే, నోరూరుతోంది మావాడికి. ఒక్క గుక్క పోస్తే పోయేదేముంది?"

"ప్రాణం పోతుంది బాబాయ్."

అంత సూటిగా చెప్పేసరికి ఆయన ముఖం చిన్నబోయింది. మూత బిగించి ఫ్లాస్కు గుమ్మం అవతల పెట్టొచ్చాడు. తనూ తాగలేదు.

మంగళవారం పెద్ద గండమే వచ్చిపడింది. గడియారాలావిడ వెళ్ళేసరికి హోటలు మూసి ఉంది. రెండోదీ మూసి ఉంది. ఇరవై నిమిషాలు ఆవిడ వీధులన్నీ తిరుగుతుంటే, నాన్న, అమ్మ, అమ్మాయి ముగ్గురూ ఏదో సొంత మనిషి పస్తున్నట్టు విలవిల్లాడిపోయారు. ఆఖర్న తోపుడుబండి మీద కాల్చిన చిలగడదుంప దొరికింది. "అమ్మయ్య," అంది అమ్మ, పైకే. ఆవిడ అది తిన్న రెండు నిమిషాల్లోనే నాన్న తొమ్మిది గుటకలు వేశాడు.

అందులో ఏముందని అమ్మాయి ఆఫీసుకు నడుస్తూ ఆలోచించేది. ఎవరూ అరవరు. ఎవరూ చావరు. వంటవాడు ఉల్లికాడలు తరిగే చప్పుడు, మూత కింద నీళ్ళు కుతకుతలాడే చప్పుడు. వచ్చిన మనిషి ఎవరు, ఎంత సంపాదిస్తుంది అని అడిగేవాళ్ళు లేరు. తన ఇంట్లో తిండి ఎప్పుడూ రెండు పనుల మధ్య ఇరికించిన మూడో పని. తను నిలబడే తిని పరీక్షలకు పోయింది, అమ్మ కుట్టుమిషను దగ్గర తింది, నాన్న స్టీరింగు పక్కన. ఒకరోజు చూస్తూ చూస్తూ అమ్మ కళ్ళొత్తుకుంది. ఏమయిందని అడిగితే, "ఆవిణ్ణి ఎవరూ లెమ్మనడం లేదు, చూశావా," అంది. అమ్మాయి అంతకన్నా బాగా చెప్పలేకపోయింది, డిగ్రీ ఉండి కూడా.

బుధవారానికి గుటకలు రోజుకు నూట పది.

గురువారం పొద్దున ఆస్పత్రిలో గుటకల టీచరు నాన్నను మంచం మీద నిటారుగా కూర్చోబెట్టి, తొడుగు విప్పి, గిన్నె ముందు పెట్టింది. పక్కన డాక్టరు నిలబడ్డాడు. చేతిలో పొట్ట గొట్టం ఫారం, అమ్మాయి సంతకం పెట్టవలసిన చోట పెన్సిలు గుర్తుతో సహా. ఫోను చూపించడానికి లేదు. ఇక్కడ గడియారాలావిడ లేదు, నాన్న ఒక్కడే.

నాన్న చెంచా తీసుకున్నాడు. గడ్డం వంచాడు. మింగాడు. ఎడమచెయ్యి మళ్ళీ గిన్నెమీదికి సాగింది. అమ్మ కళ్ళు మూసుకుంది. ఆ చెయ్యి గిన్నె అంచు దాకా వెళ్ళి ఆగింది. చెంచా నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు. కిటికీవైపు చూశాడు. బయట వాన లేదు, ఆటోల వరస ఉంది. తీరిగ్గా వాటినే చూశాడు. ఉత్త గుటక వేశాడు.

"ఆ అనండి," అంది టీచరు.

"ఆ." గొంతులో ఏమీ మిగల్లేదు, స్వచ్ఛంగా పలికింది.

రెండో చెంచా. ఆగడం. మూడోది. ఆగడం. నాలుగో చెంచాకి డాక్టరు గోడ గడియారం చూశాడు. "కొంచెం త్వరగా కానివ్వండి పెద్దాయనా, బయట ఇరవై మంది ఉన్నారు."

నాన్న చెయ్యి చటుక్కున చెంచా అందుకుంది. ముప్ఫై ఏళ్ళ అలవాటు ఆ ఒక్క మాటకే లేచి కూర్చుంది.

పుట్టి బుద్ధెరిగాక ఏ ఆఫీసరుకూ ఎదురు చెప్పని పిల్ల ఒక అడుగు ముందుకేసింది. "సార్, ఆయన్ని తొందర పెట్టకండి. పోయినసారి ఆ తొందర వల్లే తప్పారు. ఇప్పుడు మీరు కంగారుపెడితే అది పరీక్ష కాదు."

నాన్న కూతురివైపు చూశాడు. చెంచా మళ్ళీ కింద పెట్టాడు. బస్సు ముందుకొచ్చేవాళ్ళను ఆపినట్టు ఎడమ అరచెయ్యి డాక్టరువైపు ఎత్తాడు.

"ఆగు... బాబూ," అన్నాడు. "తింటున్నా."

గుటకల టీచరు తల వంచుకుంది, నవ్వు దాచుకోవడానికో మరెందుకో. డాక్టరు ఒక్క క్షణం చూసి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

పదకొండు చెంచాలకు ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. ఒక్క దగ్గు లేదు. మెత్తటి తిండి నోటితోనే పెట్టొచ్చు, నీళ్ళు మాత్రం ఇంకో రెండు వారాలు ముక్కు గొట్టంలోంచే, తర్వాత మళ్ళీ చూద్దాం అన్నారు.

"అది కాగితం మీద రాసివ్వండి సార్," అంది అమ్మాయి. డాక్టరు ఆ ఫారమే వెనక్కి తిప్పి రాసిచ్చాడు. పెన్సిలు గుర్తు దగ్గర సంతకం లేకుండానే అది ఇంటికి వచ్చింది.

ఇది చదివినవారికి ఒక్క విన్నపం. ఎప్పుడైనా మీరెక్కిన బస్సు వేళ దాటినా కదలకపోతే, స్టాండు చివర బెంచీ మీద డ్రైవరు ఇంకా తింటూ కనిపిస్తే, కిటికీలోంచి కేకెయ్యకండి. గిన్నె అంచు దాకా వెళ్ళిన చేతిని తనంతట తనే ఆపుకున్న ఆ పెద్దాయన్ని గుర్తుంచుకోండి.