దుబాసమ్మ చెప్పని మాట

మనుషుల్ని లెక్కపెట్టకూడదని అత్తగారి శాసనం. బియ్యం కొలిచేటప్పుడు మొదటి గ్లాసుకి "లాభం" అని, ఏడో గ్లాసుకి "ఆరున్నొక్కటి" అని పద్ధతిగా లెక్కపెట్టే మనిషే, మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒప్పుకోదు. "వేలు పెట్టి లెక్కపెట్టడానికి మనమేమైనా గొర్రెల మందా? దిష్టి తగుల్తుంది. ఎవరి వాళ్ళని వాళ్ళు చూసుకుంటే సరిపోదూ?" అంటుంది. దేశం మారినా శాసనం మారలేదు. అందుకని శనివారం శనివారం రెండు వ్యాన్లలో ఊళ్ళు చూడ్డానికి బయల్దేరే ఆ రెండు కుటుంబాలవాళ్ళూ బండి కదిలేముందు ఒక్కటే మాట అనుకునేవారు. మా వాళ్ళంతా ఎక్కారు అని వీళ్ళు, మా వాళ్ళూ ఎక్కారు అని వాళ్ళు. ఇంకేం, పదండి.

బాగానే ఉంది. మరి ఎవరి మనిషీ కానివాళ్ళని ఎవరు చూసుకోవాలి? ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టిన ఒక్క మనిషికీ నోరు పెగల్లేదు.

ఆ ఒక్క మనిషీ ఆ అత్తగారి కోడలే. ఆమెని అందరూ దుబాసమ్మ అంటారు. డ్రైక్లీనింగ్ షాపులో కౌంటరు దగ్గర ఆరేళ్ళ నుంచీ నిలబడి నిలబడి, ఆ దేశపు భాష నాలుకకి పట్టించుకుంది. భర్తకి గోడౌన్లో పెట్టెలు ఎత్తేందుకు భాషతో పని లేదు. అత్తగారికి అసలు గుమ్మం దాటే పనే తక్కువ. కూతురింకా బడికి వెళ్ళని పసిది. రెండో కుటుంబం పెద్ద హోటల్లో వంట చేసే వంటాయనది. ఆయనా, ఆయన భార్యా, ఇద్దరు పిల్లలూ, తమ్ముడూ మరదలూ. వీళ్ళందరికీ కలిపి నోరు ఒక్కటే. డాక్టరు దగ్గరికైనా, స్కూలుకైనా, టిక్కెట్ల కిటికీ దగ్గరికైనా, "దుబాసమ్మా, కాస్త చెప్పిపెట్టు" అనాల్సిందే.

ఆ శనివారాల షికార్లు నేర్పింది పై అంతస్తులో ఒంటరిగా ఉండే టీచరమ్మ. ఆ దేశంలోనే పుట్టి పెరిగిన మనిషి, డెబ్బై దాటాయి, నలభై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పింది. ఒకనాడు మెట్ల మీద దుబాసమ్మని ఆపి, "ఆరేళ్ళుగా ఉంటున్నారు, మా ఊళ్ళో ఏం చూశారు?" అని అడిగింది. సూపర్ మార్కెట్టు, ఆస్పత్రి, బస్టాండు అని చెప్పాల్సొచ్చింది. ఆవిడ నవ్వలేదు. మరుసటి శనివారమే గొడుగు పట్టుకుని కింద నిలబడింది. అప్పట్నుంచి పాత కోటలనీ, దీపస్తంభాలనీ, కుండలు చేసే వీధనీ ప్రతి వారం ఏదో ఒకటి చూపిస్తూనే ఉంది. చూపించి ఊరుకోదు. ప్రతి రాయి ముందూ ఆగి పాఠం చెబుతుంది. ఆవిడ పది వాక్యాలు చెబితే దుబాసమ్మ రెండు చేసి అందరికీ అందించేది. మిగతా ఎనిమిదీ మింగేసేది. ఎవరికి తెలుస్తుంది గనక?

జరిగింది నీటిమర దగ్గర. ఏటి ఒడ్డున నీళ్ళతో తిరిగే పాత పిండిమర, ఇప్పుడు దాన్ని మ్యూజియం చేశారు. ఊరికి గంటన్నర దూరం. పొద్దుటి నుంచీ ముసురు. టీచరమ్మ చక్రం గురించీ, తిరగలి రాళ్ళ గురించీ చెబుతూనే ఉంది, దుబాసమ్మ తెలుగు చేస్తూనే ఉంది. మధ్యాహ్నం డబ్బాలు విప్పి తింటూంటే అత్తగారు ఏదో చెప్పింది, అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. దుబాసమ్మ అప్పుడు చక్రానికి ఎన్ని పలకలుంటాయో వింటోంది. తల తిప్పి "ఏంటేంటి అత్తయ్యా?" అంది. "పోన్లే, రెండోసారి చెబితే రుచుండదు" అంది అత్తగారు. మాట చిన్నదే. దుబాసమ్మకి మాత్రం ముల్లులా దిగింది. వారమంతా షాపులో పరాయి భాష, శనివారం కూడా పరాయి భాషే. తన వాళ్ళ మధ్య కూర్చుని తన భాషలో ఒక్క గంట నవ్వే యోగం కూడా లేదా అనుకుంది.

సాయంత్రం వాన పెరిగింది. అందరూ పరిగెత్తి ఎవరికి దొరికిన బండి వాళ్ళు ఎక్కేశారు. పిల్లలంతా వంటాయన బండిలోకి దూరారు. ఆయన భార్యా మరదలూ పాటల పోటీకని దుబాసమ్మ వాళ్ళ బండిలోకొచ్చారు. వంటాయన బండి ముందు కదిలింది. దాని తలుపు వేసింది దుబాసమ్మే. లోపల ఎవరున్నారో, ఎవరు లేరో కళ్ళారా చూసి మరీ వేసింది.

"టీచరమ్మ ఏది?" అన్నాడు భర్త, తాళం తిప్పుతూ.

"ముందు బండిలో ఎక్కుంటుందిలే. ఇక్కడ మన వాళ్ళంతా ఎక్కారు, పద" అంది అత్తగారు.

దుబాసమ్మ వెనక అద్దంలోంచి చూసింది. మర మెట్ల మీద నీలం రెయిన్‌కోటు. ఎడమ భుజం మీద సంచీ పట్టీ ఒరుసుకుని వెలిసిన చోటు. పోయిన నెల ఆ కోటు షాపుకొస్తే, నాలుగో గుండీ ఊడిందని, నీలం గుండీ దొరక్క గోధుమరంగుది కుట్టింది తనే. "ఇక ఈ కోటు ఎక్కడా తప్పిపోదు" అని టీచరమ్మ మురిసిపోయింది కూడా. వంద కోట్లు తాడుకి వేలాడుతున్నా దాన్ని గుర్తుపడుతుంది. ఆ కోటు చెయ్యెత్తింది.

ఆపండి అనాలి. అంత చిన్న మాట. ఈలోగా వంటాయన భార్య పాట అందుకుంది. ఈ ఒక్క పాట అయ్యాక చెబుదాం అనుకుంది దుబాసమ్మ. పాట అయింది. రెండో పాట తన వంతు, పాడింది. బాగా పాడిందని అందరూ చప్పట్లు కొట్టారు. మూడో పాటకొచ్చేసరికి చెప్పడం కష్టమైపోయింది. ఇప్పుడు చెబితే ఇందాక ఎందుకు చెప్పలేదంటారు. పాటలు మాత్రం సాగుతూనే ఉన్నాయి.

అరగంట పోయాక పెట్రోలు బంకు దగ్గర రెండు బళ్ళూ కలిశాయి. అప్పుడు బయటపడింది. మీ బండిలో అనుకున్నామని వీళ్ళు, మీ దాంట్లో అనుకున్నామని వాళ్ళు. భర్త మారు మాట్లాడకుండా బండి వెనక్కి తిప్పాడు. తిరిగి వెళ్ళేసరికి మర గేటుకి తాళం వేసి ఉంది. గేటు ముందు బల్ల మీద టీచరమ్మ కూర్చుని ఉంది, మోకాళ్ళ మీద సంచీ పెట్టుకుని. గొడుగు గాలికి తిరగబడి పక్కన పడుంది. కోటు అంచులన్నీ బురద. చేతులు కొయ్యబారిపోయి బండి తలుపు తెరవలేకపోయింది.

అత్తగారు తన శాలువా తీసి కప్పింది. టీచరమ్మ పళ్ళు టకటకలాడుతుండగా దుబాసమ్మ వైపు తిరిగి, "వాళ్ళకి చెప్పు. తప్పు నాదే. నేనే ఆలస్యం చేశాను. మీరు పిలిచారు, నేనే వినలేదు" అంది.

ఎవరూ పిలవలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఆవిడదే తప్పట" అంది దుబాసమ్మ తెలుగులో. "మనం పిలిచినా వినపళ్ళేదట." ఈసారి ఒక్క వాక్యం కూడా మింగలేదు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. పాపం పెద్దతనం, చెవులు సరిగ్గా వినపడవు అన్నారు. దుబాసమ్మ తేలు కుట్టిన దొంగలా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆ వారం ఆమెకి తిండి సయించలేదు. పై అంతస్తులో దగ్గు వినిపిస్తే చేతిలో పని ఆగిపోయేది. "ఏంటి అలా ఉన్నావ్?" అని భర్త మామూలుగా అడిగితేనే, "నేనేం చేశాను?" అని కసిరింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

గురువారం నీలం రెయిన్‌కోటు షాపుకొచ్చింది. టీచరమ్మకి ఒంట్లో బాగాలేక, వీధి చివరి పూలషాపావిడ చేత పంపించింది. నంబరు చీటీ గుచ్చేముందు జేబులు తడమడం షాపు పద్ధతి. లోపలి జేబులో మడతపెట్టిన మ్యూజియం కాగితం ఉంది. తడిసి ఆరింది. వెనక వైపు పెన్సిలుతో, గుండ్రటి బడి రాతతో ఏవో మాటలు. మొదట అర్థం కాలేదు. అక్షరాలు ఆ దేశం వాళ్ళవే, మాటలే వేరు. పెదవులతో పలికి చూసింది. తిరగలి. నీళ్ళు. పిండి. నవ్వు. చివరన, రండి రండి.

తెలుగు. తను పక్కన నిలబడి తెలుగు చేస్తున్నంతసేపూ ఆవిడ చెవులొగ్గి మాటలు ఏరుకుని, మెట్ల మీద ఆగి రాసుకుంటోందన్నమాట. ఆలస్యం అందుకే. దుబాసమ్మ కోటుని కౌంటరు మీద పెట్టి వెనక గదిలోకెళ్ళింది. ఇస్త్రీ ఆవిరి మధ్య నిలబడి ఏడ్చింది. సిగ్గుతో ఏడ్చింది.

శుక్రవారం సాయంత్రం ఉతికిన కోటు పట్టుకుని పైకెళ్ళింది. టీచరమ్మ తలుపు తీసింది, మెడకి మఫ్లరు. లోపలికి రమ్మంది. కూర్చోలేదు దుబాసమ్మ.

"నేను మిమ్మల్ని చూశాను" అంది. "బండి కదిలేటప్పుడు. చూసి చెప్పలేదు."

"తెలుసు" అంది టీచరమ్మ. "నువ్వు అద్దంలోంచి చూస్తున్నావు. నీకు కనపడాలనే చెయ్యెత్తాను."

"మరి తప్పు మీదని ఎందుకు చెప్పారు?"

టీచరమ్మ కోటు అందుకుని, గోధుమరంగు గుండీని బొటనవేలితో నిమిరింది. "నేనేం చెప్పినా వాళ్ళకి నీ నోటితోనే చేరాలి కదా. నువ్వు చేసిన పని నీ నోటితోనే ఎలా చెప్పించను?"

దుబాసమ్మ వెళ్ళడానికి మెట్ల వైపు తిరిగింది.

"కోపం లేదని మాత్రం అనను" అంది టీచరమ్మ. "ఆ బల్ల మీద భయపడ్డాను. నా దేశంలో, నా చిన్నప్పటి మర ముందు కూర్చుని భయపడ్డాను. రేపు నేను రాను."

శనివారం పొద్దున్న కింద రెండు బళ్ళూ ఆగి ఉన్నాయి. అత్తగారు శాసనాన్ని తనే పక్కనపెట్టింది. "ఈసారి లెక్కపెట్టే తీరాలి. దిష్టి తర్వాత తీసుకుందాం" అని, మనవరాలి తల మీద చెయ్యి వేసి, "లాభం" అని మొదలుపెట్టింది. రెండు, మూడు, ఆరు, ఆరున్నొక్కటి. తనతో కలిపి పదికొచ్చి ఆగింది. "పదకొండుండాలే."

"టీచరమ్మ రాలేదుగా అత్తయ్యగారూ" అంది వంటాయన భార్య. "సిగ్గుపడుంటుంది పాపం. తన తప్పు వల్లే అందర్నీ అంత దూరం వెనక్కి తిప్పాననుకుని."

అంతవరకూ ఊరుకుంది దుబాసమ్మ. ఇక ఊరుకోలేకపోయింది.

"ఆవిడ తప్పు కాదు" అంది. "మెట్ల మీద ఆవిడ చెయ్యెత్తడం నేను చూశాను. ముందు బండిలో లేదనీ తెలుసు. చెప్తే ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ ఇంటిదాకా మాటలు మోయాలి. ఒక్క గంటైనా మీతో పాడాలనిపించింది. అందుకని నోరు మూసుకున్నాను. మనం పిలిచామన్నది అబద్ధం. ఎవరం పిలవలేదు."

వంటాయన బండి ఇంజను ఆపేశాడు. భర్త ఆమె వైపు ఒకసారి చూసి, చెప్పుల వైపు చూపు దించుకున్నాడు. ఆ చూపుని ఆమె చాలా రోజులు మర్చిపోలేదు.

అత్తగారే ముందు కదిలింది. కోడలి దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"క్షమించమనడానికి వాళ్ళ భాషలో ఏమనాలి?"

"నేను చెప్తాను అత్తయ్యా, పదండి."

"నువ్వు చెప్పక్కర్లేదు. నాకు నేర్పు. ఆవిడ మన వాళ్ళు కాదని తేల్చేసి బండి పద అన్నదాన్ని నేను."

దుబాసమ్మ ఆ మాట చెప్పింది. రెండే రెండు ముక్కలు. అత్తగారికి మొదటిసారి నోరు తిరగలేదు, రెండోసారి సగం తిరిగింది. నాలుగోసారికి ఏదో ఒక రకంగా వచ్చింది. పోకుండా పెదవుల మీద నానబెట్టుకుంటూ మెట్ల వైపు నడిచింది. దుబాసమ్మ అలవాటుగా వెనకే అడుగు వేసింది.

అత్తగారు వెనక్కి తిరక్కుండానే చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్విక్కడే ఉండు."

పైన తలుపు తట్టిన చప్పుడయింది. తలుపు తెరుచుకుంది. ఆ రెండు ముక్కలూ వంకరటింకరగా వినపడ్డాయి. తర్వాత టీచరమ్మ గొంతు, అంతే వంకరగా, తెలుగులో అంది.

"రండి రండి."

తలుపు మూసుకుంది. దుబాసమ్మ కింద మెట్టు దగ్గరే నిలబడిపోయింది.