మెత్తగా అనాల్సిన మాట

కొరియా సినిమాలో మావాడు తెర మీదికి వచ్చాడంటే వాడి చేతిలో కత్తి ఉండి తీరుతుంది. కత్తి లేకపోతే గొడ్డలి. వాడు స్నానం చేసి ఎన్నాళ్ళయిందో తెలియదు, పళ్ళు గారపట్టి ఉంటాయి, ఎవరో డబ్బిస్తే ఎవరినో నరకడానికి దొంగ ఓడెక్కి దిగి ఉంటాడు. సియోల్ వచ్చిన కొత్తలో అలాంటి సినిమాకి టికెట్ కొనుక్కుని మరీ వెళ్ళాను, చైనాలోని మా ఊరు యాన్‌జీ వీధులు కనబడతాయన్న ఆశతో. కనబడ్డాయి, నెత్తురోడుతూ. పక్క సీట్లో అమ్మాయి తన స్నేహితురాలితో, "అమ్మో, తేరిమ్ వైపు మాత్రం పోకూడదే బాబూ!" అంది. నేను మావాళ్ళంతా ఉండే ఆ తేరిమ్ పేటలోనే అద్దెకుంటున్నాను.

మా ముత్తాతలు కరువు రోజుల్లో తూమెన్ నది దాటి చైనా వైపు పోయారు. అక్కడే కొరియా భాష మాట్లాడుకుంటూ, కిమ్చీ పచ్చడి పెట్టుకుంటూ తరాలు గడిపాం. చైనాలో మమ్మల్ని కొరియన్లంటారు. పని కోసం సియోల్ వస్తే ఇక్కడివాళ్ళు చైనావాళ్ళంటారు. రెంటికీ చెడ్డ రేవడి బతుకు మాది.

నేను రచయితని కావాలనుకున్నాను. అనుకోవడానికేం, ఖర్చా! తేరిమ్‌లో మటన్ చువ్వలు కాల్చే హోటల్లో బల్లలు తుడుస్తూ, మధ్యాహ్నం జనం పలచబడ్డాక మూల బల్ల దగ్గర కూర్చుని ఒక స్క్రిప్టు రాశాను. పేరు 'పక్క మంచం'. అది మా అమ్మ కథ. అమ్మ పేరు ఓక్తన్. ఆసుపత్రిలో కదల్లేని ముసలివాళ్ళకి ఆయా. రోగి మంచం కింద నుంచి బల్లలాంటిది ఒకటి లాగుతారు, అదే ఆవిడ పడక, అదే ఇల్లు.

ఆ స్క్రిప్టంతా ఒక్క మాట కోసం రాశాను. ఇరప్సో. విడదీస్తే 'పని లేదు' అని. సియోల్‌లో ఎవరైనా ఆ మాటంటే, నీతో నాకేం పని, పొమ్మని అర్థం. మా దగ్గర అలా కాదు. గిన్నె పగలగొట్టుకుని బిక్కమొహం వేసిన పిల్లతో అంటాం. ఏం కాలేదు, మనసులో పెట్టుకోకు అని. సియోల్‌వాళ్ళు దీనికి 'కెంచనా' అంటారు. మంచి మాటే. కానీ లిఫ్టులో కాలు తొక్కినవాడికీ అదే, తల్లి పోయినవాడికీ అదే. నా కథలో పక్షవాతం వచ్చిన పెద్దాయన ఒకడు పక్క పాడుచేసుకుని, సిగ్గుతో మొహం కప్పుకుని ఏడుస్తాడు. ఆవిడ దుప్పటి మారుస్తూ, వంగి, ఆయన చెవి దగ్గర "ఇరప్సో" అంటుంది. ఒక్క సినిమాలో, ఒక్కసారి, మావాళ్ళు కత్తి లేకుండా కనబడాలి. నా కోరిక అంతే.

ఆ రోజుల్లో కొత్త రచయితల కోసం ఒక ఉపన్యాసం పెట్టారు. 'ప్రయాణం, సృజన, వైవిధ్యం' అని గోడ నిండా రాశారు. మాట్లాడినవాడు డైరెక్టర్ మోక్ కివన్. ఖరీదైన చొక్కాని నలిపి వేసుకోవడం తెలిసిన మనిషి.

"ఇంట్లో కూర్చునేవాడు ఇంటినే రాస్తాడు," అన్నాడు. "తిరగండి. దారి తప్పండి. రచయితకి పాస్‌పోర్టుని మించిన కలం లేదు."

చప్పట్లు మారుమోగాయి. నా సంచిలోనూ పాస్‌పోర్టు ఉంది. దాన్ని ఎప్పుడూ కలమనుకోలేదు, రోడ్డు మీద పోలీసు ఆపితే చూపించేదనుకున్నాను. మా అమ్మ యాన్‌జీ నుంచి విమానంలో వచ్చింది. దాన్ని వలస అన్నారు. అదే విమానంలో ఈయన ఇటు నుంచి అటు పోతే ప్రయాణమట. వెనక్కి వచ్చి చెప్పుకోవడానికి ఇల్లున్నవాడు చేసేదే ప్రయాణం, మిగతావాళ్ళు చేసేది పోవడం. ఇది అక్కడ లేచి అనాల్సింది. అనలేదు.

తన తర్వాతి సినిమా కోసం యాన్‌జీ వెళ్ళొచ్చానని ఆయన చెబుతుంటే మాత్రం ఆగలేక చెయ్యెత్తాను.

"సార్, ఎన్ని దినాలున్నరు అక్కడ?"

తొందరలో నా యాస బయటపడింది. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. అన్నేళ్ళుగా నాలుక కింద దాచుకున్నది, చటుక్కున పది మందిలో జారిపోయింది.

"రెండు రోజులు," అని నవ్వాడు. "కళాకారుడికి చాలు. వాసన పట్టేస్తాడు."

అయ్యాక నన్ను పిలిపించాడు. "మీ పేరు? హేరన్‌గారా? ఆ యాస దాచుకోకండి, బంగారం అది. మా హీరో యాన్‌జీవాడిగా వేస్తున్నాడు. మీరొచ్చి వాడికి మాట నేర్పాలి."

"మీరు నా స్క్రిప్టు చదవాలి మరి."

"తప్పకుండా! మీలాంటి గొంతులు రావాలనే కదా మేం గింజుకుంటోంది."

గొంతు కావాలన్నాడు. అబద్ధం చెప్పలేదు పాపం.

అమ్మకి సెలవు దొరికిన రోజు నా గదికొచ్చింది. చల్లటి నూడుల్స్ కలుపుతూ సంగతి చెప్పాను.

"సంపెటోని సిన్మానా?" అంది.

"అవునే. గని నా స్క్రిప్టు సదువుత అన్నడు."

"సదువుత అన్నోళ్ళంత సదువుతరా? నేను గూడ రేపటికెల్లి ఎక్సర్‌సైజు జేస్త అంట రోజు."

"నీ గురించే రాసిననే అమ్మా."

"నా గురించి ఏముందే రాయ? ముసలోళ్ళ ముడ్లు కడుగుడు ఎవడు జూస్తడే టికెట్ గొనుక్కొని?" అని పగలబడి నవ్వింది. నవ్వుతూనే, "నా పాత్ర ఎవలేస్తరు? జెర అందమైనదాన్ని జూడమను," అంది.

షూటింగులో హీరో ప్యో జిసక్ మంచివాడే. నన్ను టీచరుగారూ అని పిలిచేవాడు, రాసిచ్చిన ప్రతి మాటా వల్లె వేసేవాడు. వేషం మాత్రం మామూలే. ఒకణ్ణి వెతుక్కుంటూ సియోల్ వచ్చి, అడ్డొచ్చినవాళ్ళందరినీ పొడుచుకుంటూ పోతాడు. నేను కుదిరినంత మార్చాను. మావాళ్ళు పెద్దవాళ్ళతో ఇలా మాట్లాడరంటే డైరెక్టర్ తల ఊపేవాడు. నా స్క్రిప్టు చదివారా అంటే, "చదువుతున్నా, చదువుతున్నా" అనేవాడు.

ఒక పొద్దున మార్చిన పేజీలు చేతికొచ్చాయి. హీరో ఒక ముసలాయన పొట్టలో కత్తి దింపుతాడు. ఆయన వణుకుతుంటే తల నిమురుతూ ఒక మాటంటాడు. ఆ మాట ఇరప్సో.

కాగితాలు పట్టుకుని మోక్ దగ్గరికి వెళ్ళాను. నన్ను చూసి మొహం వెలిగిపోయింది.

"మీ స్క్రిప్టు పూర్తిగా చదివానండీ. ఆ ఒక్క మాటే ప్రాణం దానికి!"

"మరి మిగతాది?"

"మిగతాదాంట్లో ఏం జరుగుతుంది? ఎవరూ చావరే."

"చస్తాడు సార్. ముసలాయన చివర్లో పోతాడు."

"ఎవరూ చంపరు కదా," అన్నాడు నా తెలివికి జాలిపడుతూ.

అప్పుడే ఆ కాగితాలు ఆయన మొహాన కొట్టి వచ్చేస్తే పోయేది. కానీ లోపల హీరో ఆ మాటని సాధన చేస్తున్నాడు. పళ్ళు కొరుకుతూ, కుక్క మొరిగినట్టు, సియోల్‌వాళ్ళ అర్థంలో. పొమ్మన్నట్టు. నా ఒళ్ళు మండిపోయింది. వాడుకుంటే వాడుకున్నారు, కనీసం సరిగ్గా అనండిరా అనిపించింది. ఆ మాటలో ఉన్న మెత్తదనం సరిగ్గా పలికితే ఆ కత్తి పక్కన కూడా బతుకుతుందనీ, చూసేవాళ్ళు ఒక్క క్షణమైనా వీళ్ళింట్లో కూడా తల్లులున్నారనుకుంటారనీ నమ్మాను. నాలాంటి పిచ్చిమాలోకం ఇంకొకటి ఉంటుందా?

"అట్లా కాదండీ," అన్నాను లోపలికి వెళ్ళి, హీరోతో.

"ఎలా టీచరుగారూ?"

హీరో పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. చావబోయే వేషం వేసిన పెద్దాయన చెవి దగ్గరికి వంగి, మా అమ్మ అన్నట్టే అన్నాను. చివరి అక్షరం కొంచెం సాగదీసి, ఊపిరి వదిలినట్టుగా. "ఇరప్సో."

లైట్లవాళ్ళు కూడా ఆగిపోయారు. మోక్ తన చేతి మీది వెంట్రుకలు చూపించాడు.

"చూడండి, నిక్కబొడుచుకున్నాయి! ఇదే కావాలి. జిసక్, అచ్చం ఇలాగే!"

"సార్, అది ఓదార్చే మాట," అన్నాను.

"అందుకే కదా భయం! ఇన్నాళ్ళూ మీవాళ్ళు సినిమాల్లో అరిచేవాళ్ళు. నేను మెత్తగా మాట్లాడించాను. వైవిధ్యమంటే ఇది కాక ఇంకేమిటండీ?"

జిసక్ బుద్ధిమంతుడైన శిష్యుడు. సాయంత్రానికి మా అమ్మ గొంతు వాడికి వచ్చేసింది.

సినిమా ఆడింది. ఎంత బాగా ఆడిందంటే, ఆ మాట ఊరి మీద పడింది. బస్సులో కాలేజీ పిల్లలు ఒకడి మెడ మీద ఒకడు వేలు గీసుకుని "ఇరప్సో" అని చస్తున్నట్టు నటించేవాళ్ళు. మా హోటల్లో సూటు వేసుకున్నవాడొకడు, నేను బీరు తెస్తుంటే చువ్వ చూపించి, "ఏదీ, ఆ మాట ఒక్కసారి అనవా?" అన్నాడు. బల్లంతా గొల్లుమంది. యజమాని వైపు చూస్తే ఆయన కూడా నవ్వుతున్నాడు, గిరాకీ పెరిగింది మరి.

పేర్లు పడేటప్పుడు నా పేరు కూడా పడింది, యాస శిక్షణ అని. డ్రైవర్ల తర్వాత, భోజనాలవాళ్ళకి ముందు. టీవీలో ఒకావిడ మోక్‌ని అడిగింది, ఆ మాట మీకెలా తట్టిందని. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

"ప్రయాణమండీ," అన్నాడు. "యాన్‌జీలో ఒక సందులో తిరుగుతుంటే, ఎవరో ముసలామె నోట విన్నాను."

సొమ్మొకడిది, సోకొకడిది. టీవీ కట్టేసి బల్లలు తుడిచాను. ఆ వారమే అమ్మ దగ్గరికి వెళ్ళాను, మొక్కజొన్న రొట్టెలు పట్టుకుని.

నేను వెళ్ళేసరికి అమ్మ ఒక అవ్వకి గంజి తాగిస్తోంది. అవ్వ చెయ్యి వణికి గిన్నె తిరగబడింది, దుప్పటంతా తడిసింది. అవ్వ బెదిరిపోయి అమ్మ మొహంలోకి చూసింది. అమ్మ వంగింది. "ఇర..." అని ఆగిపోయింది. నిటారుగా లేచి నిలబడి, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు, "కెం... కెంచనా," అంది.

దుప్పటి మార్చాక వరండాలో మంచినీళ్ళ దగ్గర బెంచీ మీద కూర్చున్నాం.

"ఏందే, సియోల్ మాటలు నేర్చినవ్?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"అవ్వ కొడుకు వద్దన్నడే. 'పిన్నిగారూ, ఆ మాట మా అమ్మ దగ్గర అనకండి, భయమేస్తోంది' అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. గని మా ఏజెన్సీకి గూడ ఫోన్ జేసిండు." అమ్మ రొట్టె తుంచింది కానీ నోట పెట్టుకోలేదు. "నా నోట్ల గా మాటలున్న భయం ఏందో నాకు సమజ్ గాలే. నర్సమ్మ ఫోన్ల జూపిచ్చింది. గా సంపెటోడు అచ్చం నా లెక్కనే అంటుండే! గంత మెత్తగ. మనోళ్ళే ఎవలో నేర్పిచ్చుంటరు. ఇల్లు ముంచినోళ్ళు."

చెప్పకుండా ఉండొచ్చు. ఆవిడకి తెర మీద పడే పేర్లు చదివే అలవాటు లేదు. కానీ ఆ మాట అమ్మదని చెప్పుకునే మనిషి నేను తప్ప ఇంకెవరూ లేరు.

"నేనే నేర్పిన," అన్నాను. "నీ గొంతు. నేనే."

అమ్మ నా వైపు చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. రొట్టె పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని నా తల మీద పెట్టింది. చిన్నప్పుడు నేను గిన్నె పగలగొడితే ఇలాగే పెట్టేది. ఆ చెయ్యి తర్వాత ఏ మాట వస్తుందో నాకు తెలుసు. దాని కోసం తల వంచుకుని కూర్చున్నాను.

"కెంచనా," అంది అమ్మ.

ఈసారి తడుముకోలేదు.