అయిదు గంటలలోపు అభ్యంతరం

గోరుచిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ హారతి వీణ మీద కుళ్లుకుంటోంది. అవును, కుళ్లే. దానికి మంచి పేర్లు పెట్టుకోవడం ఎందుకు?

అణ్వాయుధాల నిషేధం మీద పరిశోధన చేసే ఓ చిన్న సంస్థలో, నారాయణగూడలో, ఇద్దరివీ పక్కపక్క కుర్చీలు. అణుపరీక్షలు ఎవరైనా దొంగచాటుగా చేస్తే ఎలా పట్టుకోవాలన్న వ్యాసం కలిసి రాశారు. మూడొంతులు హారతిదే. దాన్ని వియన్నా సభలో చదవడానికి వీణ వెళ్తుందని పొద్దున్నే డైరెక్టర్ రామచంద్రయ్యగారి మెయిల్. రెండో శనివారమైనా ఆయనకి సెలవుండదు. పైగా దౌత్యవేత్తల పద్ధతంటే ఆయనకి ప్రాణం: నిర్ణయం అందరికీ పంపుతారు, గడువులోగా ఎవరూ కాదనకపోతే ఒప్పుకున్నట్టే. గడువు ఇవాళ సాయంత్రం అయిదు.

వీణకేం, మహారాణి! అశోక్‌నగర్ హాస్టల్లో ఓ మంచం, ఓ బల్ల, ఓ బకెట్టు. పుస్తకం తెరిస్తే పుస్తకమే. చిక్కడపల్లిలో హారతి తెరిస్తే కుక్కరు కూస్తుంది, అత్తగారి బీపీ మాత్ర గుర్తొస్తుంది. "బాంబులు తర్వాత ఆపుదువుగానీ, ముందు ఆ పోపు మాడకుండా చూడు తల్లీ" అంటారు అత్తగారు ఆదిలక్ష్మి. "మా ఆవిడది ప్రపంచశాంతి ఉద్యోగమండీ, జీతం కూడా ప్రశాంతంగానే ఉంటుంది" అన్నాడు మొన్న చుట్టాల ముందు భర్త ఫణికిరణ్. అందరితోపాటు తనూ నవ్వింది. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాలుగున్నరకి వీణే వచ్చింది, ఆటో దిగి ఆయాసపడుతూ.

"ఎందుకు వద్దన్నవక్కా?"

"ఏం వద్దన్నాను?"

"వియన్నా. సార్ నిన్న ముందుగాల నీకే ఫోన్ చేసిండంట. బావ ఎత్తి, ఆమెకి కుదరదండి, ఇంట్ల ఇబ్బంది అన్నడంట. గందుకే నా పేరు పెట్టిండు. నాకూ పోవాలనే ఉంది, అబద్ధమెందుకు? కానీ నీది గుంజుకొని పోయిన్నని రేపు ఎవ్వరూ అనొద్దు."

హారతి సోఫాలో టీవీ చూస్తున్న భర్త వైపు చూసింది. నిన్న రాత్రి తన ఫోన్ హాల్లో చార్జింగులో ఉంది, తను వంటింట్లో దోసెలు పోస్తోంది.

"ఎలాగూ కుదరదనే అంటావు కదా హారతీ, నీకో పని తగ్గించాను" అన్నాడు ఫణికిరణ్, టీవీలోంచి తల తిప్పకుండానే.

"నిలబెట్టి మాట్లాడతావేమే, ఆ అమ్మాయికి కాఫీ ఇవ్వు" అన్నారు అత్తగారు.

పొద్దున్నుంచీ ఈ పిల్లని ఎన్ని తిట్లు తిట్టుకుంది! అన్నీ దండగ. కుళ్లు మాత్రం తగ్గలేదు. ఇప్పుడది ఫణికిరణ్ మీద. ఒక్క మాటైనా అడక్కుండా ఇంకొకరి బతుకుని కుదరదనేసి, చేయి కడుక్కుని దోసె తిన్నాడే, ఆ నిశ్చింత మీద. అంత నిశ్చింత తనకి ఒక్క పూటైనా దొరికిందా?

"వీణా, నువ్వు వెళ్లడం నాకిష్టం లేదు. ముందే చెప్తున్నా, తర్వాత తిట్టుకోకు."

వీణ మొహం చిన్నబోయింది. "తిట్టుకుంట గానీ, జల్ది రాయక్కా. టైమైతాంది."

హారతి కాఫీ పెట్టలేదు. ల్యాప్‌టాప్ తెచ్చి భోజనాలబల్ల మీద గోరుచిక్కుడుకాయలు పక్కకి తోసి కూర్చుంది. 'నాకు అభ్యంతరం ఉంది. నేను వస్తాను' అని మొదలుపెట్టి, ఆగకుండా టైపు చేస్తోంది.

"ఏమిటంత అర్జెంటు?" అన్నాడు ఫణికిరణ్, అప్పుడు తల తిప్పి.

"నిన్న మీరు ఎత్తిన ఫోనుకి జవాబు."